సీరియల్ ప్రొజెక్టర్లకు ఏ కన్వర్టర్ వేద్దాం? ఖరీదైనదా, చౌకదా, అసలు కావాలా?

గుంటూరు_ఏవీ:
ఒక ఇంజనీరింగ్ కాలేజీ పని వచ్చింది. 18 సెమినార్ గదులు, అన్నింట్లో సీలింగ్‌కి బిగించిన ఎప్సన్ ప్రొజెక్టర్లు. ఆఫీసులో ఉన్న ఒక్క పీసీ నుంచే అన్నీ ఆన్, ఆఫ్ చేయాలట, ఇన్‌పుట్ మార్చాలట. పాత మోడళ్లు కాబట్టి చాలావాటికి ఆర్‌ఎస్-232 అనే పాతకాలపు సీరియల్ పోర్టే ఉంది, ల్యాన్ లేదు. గదికో సీరియల్-టు-ఈథర్‌నెట్ కన్వర్టర్, అంటే ఆ పోర్టుని ల్యాన్‌కి కలిపే చిన్న డబ్బా, వేయక తప్పదు. మోక్సా ఎన్‌పోర్ట్ 5110 లాంటిది పెట్టి కొటేషన్ ఇస్తే కరెస్పాండెంట్ గారు కళ్లు తేలేశారు. ఆన్‌లైన్‌లో సగం కంటే తక్కువకే బోలెడు బాక్సులు కనిపిస్తున్నాయి. రెండూ చేసే పని ఒకటే కదా? ఏది వేయమంటారు?

కేబుల్_కాశీ:
ఒకటే అన్నా. సీరియల్ సెట్టింగ్ ఇంతే: వేగం 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. "పీడబ్ల్యూఆర్ ఆన్" అని పంపి చివర క్యారేజ్ రిటర్న్ కొడితే ప్రొజెక్టర్ వెలుగుతుంది, జవాబుగా కోలన్ గుర్తు వస్తుంది. రోజుకి నాలుగు కమాండ్లు పంపడానికి ఫ్యాక్టరీలో వాడే డబ్బా దేనికి? చౌకది వేసి, రెండు స్పేర్లు కాలేజీలో ఉంచెయ్. పోతే మార్చుకుంటారు.

ర్యాక్‌వాలా:
కాశీ, కమాండ్ వెళ్లడం గురించి ఎవరికీ పేచీ లేదు. తేడా తెలిసేది కనెక్షన్ తెగినప్పుడు.

ఆఫీసు పీసీ హ్యాంగ్ అయిందనుకో, ఎవరో పవర్ బటన్ నొక్కి రీస్టార్ట్ చేశారు. పీసీ దృష్టిలో పాత కనెక్షన్ లేదు. కన్వర్టర్‌కి ఆ కబురు అందలేదు, అది ఇంకా పాత కనెక్షన్నే పట్టుకుని కూర్చుంది. ఒక్క కనెక్షనే ఒప్పుకునే సెట్టింగ్‌లో ఉంటే కొత్తదాన్ని లోపలికి రానివ్వదు. కింద ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని నిలబడి ఉంటారు, పైన ప్రొజెక్టర్ ఉలకదు పలకదు. ఎన్‌పోర్ట్‌లో దీనికి టీసీపీ అలైవ్ చెక్ టైమ్ అని ఉంటుంది, అవతల ఎవరూ లేకపోతే పాత కనెక్షన్ వదిలేసే గడువు, డిఫాల్ట్ 7 నిమిషాలు. దాన్ని 1కి దించుకోవచ్చు, కనెక్షన్ల సంఖ్య పెంచుకోవచ్చు. నేను చూసిన చౌక బాక్సుల్లో కొన్నింట్లో ఆ సెట్టింగే లేదు, కొన్నింట్లో పేరుకి ఉంది కానీ పనిచేయదు. అప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కి అడాప్టర్ పీకి పెట్టడమే గతి.

అందుకే ధర చూసి కొనకు గుంటూరూ. ఏ బాక్సయినా ఒకటి తెప్పించి, కనెక్ట్ అయి ఉండగా పీసీ వైపు ల్యాన్ కేబుల్ పీకేసెయ్. వేరే ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవడానికి ఎంతసేపు పడుతుందో చూడు. నిమిషం, రెండు నిమిషాల్లో దానంతటదే తేరుకుంటే చౌకదైనా నాకు ఓకే.

పై_ప్రేమికుడు:
గదికో రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే లైనక్స్ కంప్యూటర్), ఒక యూఎస్‌బీ సీరియల్ కేబుల్, సీరియల్ పోర్టుని నెట్‌వర్క్‌కి అందించే సెర్2నెట్ ప్రోగ్రాం. మీరు చెప్పే టైమౌట్లన్నీ మన చేతిలోనే ఉంటాయి. ఆర్‌ఎఫ్‌సీ 2217 కూడా సపోర్ట్ చేస్తుంది, అంటే బాడ్ రేటు సైతం పీసీ నుంచే మార్చుకోవచ్చు.

కేబుల్_కాశీ:
తమ్ముడూ, కరెంట్ పోయి వస్తూ ఉంటే ఎస్‌డీ కార్డు పాడయ్యేది ఎవరి చేతిలో ఉంటుంది? నువ్వు ఉద్యోగం మారాక ఆ కాలేజీ ఎలక్ట్రీషియన్ లైనక్స్ నేర్చుకోవాలా?

పై_ప్రేమికుడు:
రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్ పెడితే కార్డుకి ఏమీ కాదు అన్నా. ఎలక్ట్రీషియన్ సంగతి మాత్రం... సరే, అది నిజమే.

దుబాయ్_రిగ్గర్:
అందరూ ఏ డబ్బా అంటున్నారు, ఎక్కడ పెట్టాలో ఎవరూ అడగడం లేదు. కింద ర్యాక్‌లో పెట్టి పైకి పొడవాటి సీరియల్ కేబుల్ లాగొద్దు. ఆర్‌ఎస్-232కి 15 మీటర్లు అని పాత లెక్క. 9600లో అంతకంటే ఎక్కువ దూరమూ నడుస్తుంది, గొడవ దూరంతో కాదు, గ్రౌండ్‌తో. ర్యాక్ ఒక ఫేజ్ మీద, ప్రొజెక్టర్ ఇంకో ఫేజ్ మీద, ఎర్తింగ్ సరిగ్గా లేని బిల్డింగ్. సీరియల్ కేబుల్‌లో 5వ పిన్ ఆ రెండింటి గ్రౌండ్లనీ నేరుగా కలిపేస్తుంది. ఉరుములు మెరుపుల సీజన్‌లో ముందు పోయేది ఆ పోర్టే. కన్వర్టర్ని ప్రొజెక్టర్ పక్కనే పెట్టి కిందికి మామూలు యూటీపీ (షీల్డ్ లేని) ల్యాన్ కేబుల్ దించండి. ఈథర్‌నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, రెండు గ్రౌండ్లూ విడివిడిగా ఉంటాయి. షీల్డ్ ఉన్న కేబుల్ వాడితే మళ్లీ మొదటికొస్తుంది, జాగ్రత్త.

ఇంకోటి. ఏ గదిలోనైనా వీడియోకి హెచ్‌డీబేస్‌టీ ఎక్స్‌టెండర్ (వీడియోని క్యాట్ కేబుల్ మీద దూరం పంపే పెట్టెల జత) ఇప్పటికే ఉందా? చాలావాటిలో ఆర్‌ఎస్-232 కూడా అదే క్యాట్ కేబుల్ మీద వెళ్తుంది. అలాంటప్పుడు కన్వర్టర్‌ని కింద ట్రాన్స్‌మిటర్ దగ్గరే పెట్టుకోవచ్చు, నిచ్చెన పని తప్పుతుంది.

స్లైడ్_సుబ్బు:
అసలు ఇంత గొడవెందుకండీ? ల్యాన్ ఉన్న ప్రొజెక్టర్లకి పీజేలింక్ (ప్రొజెక్టర్లని నెట్‌వర్క్ మీద నడిపే ఉమ్మడి పద్ధతి) వాడుకుంటే సరిపోతుంది. పోర్ట్ 4352, ఏ కంపెనీదైనా అవే కమాండ్లు. ఈ డబ్బాలకి పెట్టే డబ్బు కొత్త ప్రొజెక్టర్లలో పెట్టమనండి.

ర్యాక్‌వాలా:
సుబ్బు గారూ, ల్యాన్ ఉన్నవాటికి మీ మాటే కరెక్ట్. కానీ స్టాండ్‌బైలో ల్యాన్ నిద్రపోతుంది. ఎప్సన్‌లో స్టాండ్‌బై మోడ్‌ని "కమ్యూనికేషన్ ఆన్" చేయకపోతే ఆఫ్ చేయగలరు, మళ్లీ ఆన్ చేయలేరు. లేనివాటికోసం ప్రొజెక్టర్లే మార్చమంటే కరెస్పాండెంట్ గారు ఈసారి కళ్లు తేలేయరు, గుంటూరుని గేటు బయటికి పంపిస్తారు.

నెట్_నాగమణి:
ఈ బాక్సుల పాస్‌వర్డ్ గురించి ఒక్కరూ ఎత్తలేదు. కొన్ని అడ్మిన్, అడ్మిన్‌తోనే వస్తాయి, కొన్నింటికి అదీ ఉండదు. స్టూడెంట్ వైఫై, ఇవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే సెమిస్టర్ అయ్యేలోగా ఎవడో ఒకడు క్లాసు మధ్యలో ప్రొజెక్టర్ ఆపేసి నవ్వుకుంటాడు. 2015 డిసెంబర్‌లో ఉక్రెయిన్ కరెంట్ సంస్థల మీద సైబర్ దాడి చేసినవాళ్లు సబ్‌స్టేషన్లలోని సీరియల్-టు-ఈథర్‌నెట్ పరికరాల ఫర్మ్‌వేర్‌నే చెడగొట్టారు, బ్రేకర్లని దూరం నుంచి ఆపరేట్ చేసే దారి లేకుండా పోయింది. కాలేజీకి అంత సీన్ లేదనుకోండి. అయినా వీటికి వేరే వీల్యాన్ (అదే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టి, ఆఫీసు పీసీకి తప్ప ఎవరికీ దారి ఇవ్వొద్దు. ఖరీదైనది కొన్నా సరే ఈ పని తప్పదు.

గుంటూరు_ఏవీ:
నాగమణి గారూ, నోట్ చేసుకున్నాను. ఇంకో టెన్షన్: నిన్న ఒక శాంపిల్ బాక్స్ పెట్టి చూస్తే కమాండ్ పోతున్నట్టే ఉంది, జవాబు రావట్లేదు. పోర్టు పోయిందా?

దుబాయ్_రిగ్గర్:
అప్పుడే పోర్టు దాకా వెళ్లకు. కేబుల్ తీసేసి మల్టీమీటర్ డీసీ వోల్ట్‌లో పెట్టు. నల్ల ప్రోబ్ 5వ పిన్ మీద, ఎర్రది ముందు 2 మీద, తర్వాత 3 మీద. ఖాళీగా ఉన్నప్పుడు ఏ పిన్‌లో మైనస్ 5 వోల్టులో, అంతకంటే ఎక్కువ మైనసో చూపిస్తే అది ఆ డబ్బా మాట్లాడే పిన్. ప్రొజెక్టర్ వైపూ ఇలాగే చూడు. రెండింట్లోనూ ఒకే పిన్‌లో మైనస్ వస్తే 2, 3 తారుమారు చేసిన క్రాస్ కేబుల్ కావాలి. మీ బాక్స్‌లో ఎక్కడా మైనస్సే లేకుండా 3.3 వోల్టో 5 వోల్టో ప్లస్ కనిపిస్తే, అది ఆర్‌ఎస్-232 కాదు, టీటీఎల్, అంటే సర్క్యూట్ బోర్డుల లోపల వాడే తక్కువ వోల్టేజీ సిగ్నల్. ప్రొజెక్టర్‌కి తగిలించొద్దు.

గుంటూరు_ఏవీ:
3.3 ప్లస్ చూపిస్తోంది.

కేబుల్_కాశీ:
... స్పేర్ కొనమన్నాను కదా అన్నా, ఇది కాదు, ఆర్‌ఎస్-232 అని రాసి ఉన్నది కొనాలి. అది చౌకదైనా పర్లేదు.

గుంటూరు_ఏవీ:
సరే. ముందు హెచ్‌డీబేస్‌టీ ఉన్న గదులు, ల్యాన్ ఉన్న ప్రొజెక్టర్లు ఏవేవో లెక్కేస్తా. మిగిలినవాటికి రెండు రకాలు తెప్పించి ర్యాక్‌వాలా గారు చెప్పిన కేబుల్ పీకే టెస్ట్ చేస్తా. మరి వీటికి స్టాటిక్ ఐపీ (బాక్సులోనే రాసేసే అడ్రస్) ఇవ్వాలా, డీహెచ్‌సీపీలో రిజర్వేషనా (నెట్‌వర్కే ప్రతిసారీ అదే అడ్రస్ ఇచ్చేలా)?

నెట్_నాగమణి:
రిజర్వేషన్.

ర్యాక్‌వాలా:
స్టాటిక్. దీనికి వేరే టాపిక్ తెరువు నాయనా, ఇక్కడే మొదలెడితే తెల్లారిపోతుంది.