తెలిసిన పాటల్ని జాజ్‌లో తిరగరాసిన ఆల్బమ్‌లు: మీరు ఏవి వింటారు?

కొత్తపేట_కిరణ్:
అందరికీ నమస్తే. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమాలో ఉరుములకి భయపడ్డ పిల్లల కోసం పాడే ‘మై ఫేవరిట్ థింగ్స్’ చిన్నప్పటి నుంచీ తెలుసు. మొన్న దాన్నే జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వాయించింది విన్నాను. దాదాపు పద్నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ఇలా స్టాండర్డ్స్ (జాజ్ వాళ్ళంతా వాయించే పాత పాటలు), సినిమా పాటలు, పాప్ పాటలు తీసుకుని చేసిన ఆల్బమ్‌లు చెప్పండి. అసలు పాట ముందు వినాలా, తర్వాత వినాలా? ఎల్పీలు (గ్రామఫోన్ రికార్డులు) కొనడం మొదలెట్టాలా? ఐదువేల లోపు ఏ హెడ్‌ఫోన్స్ మంచివి?

విశాఖ_ఎల్పీ:
గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌తో మొదలెట్టండి, ఇంకో మాట లేదు. 1956లో వచ్చిన కోల్ పోర్టర్ సాంగ్‌బుక్ వినండి, అన్నీ పోర్టర్ రాసిన పాటలే. ఒక్కో రచయితకి ఒక్కో సాంగ్‌బుక్ అని 1964 దాకా ఆ వరస సాగింది. అందులో ఆవిడ పాటని ఎక్కడా చెడగొట్టదు, ప్రతి అక్షరమూ వినిపిస్తుంది. ఆ తర్వాత 1960 నాటి ‘ఎల్లా ఇన్ బెర్లిన్’. వేలమంది ముందు ‘మ్యాక్ ద నైఫ్’ సగంలో మాటలు మర్చిపోయింది. ఆగలేదు. మర్చిపోయానన్న సంగతినే అప్పటికప్పుడు పాటగా కట్టి పాడేసింది, మధ్యలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా తెచ్చింది. ఆ రికార్డు గ్రామీ తెచ్చిపెట్టింది.
ఎల్పీల విషయం మాత్రం జాగ్రత్త. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త ముద్రణ అప్పడంలా వంగిపోయి వచ్చింది. వెనక్కి తీసుకోమంటే కవర్ విప్పారు కాబట్టి కుదరదన్నారు. విప్పకుండా వంకర ఎలా తెలుస్తుంది? నాకు ఇంకా కడుపు మండుతూనే ఉంది.

సాక్స్_శీను:
కిరణ్, ముందు ఒక సంగతి. కోల్ట్రేన్ వాయించింది సినిమా పాటని కాదు. ఆయన రికార్డ్ చేసింది 1960 అక్టోబర్‌లో, సినిమా వచ్చింది 1965లో. అది 1959 బ్రాడ్‌వే నాటకంలోది, రాడ్జర్స్, హామర్‌స్టైన్‌ల పాట. ఆ నాటకంలో ఉరుముల దగ్గర పాడేది వేరే పాట.
నేను పెళ్ళి బ్యాండులో క్లారినెట్‌తో మొదలెట్టి సోప్రానో సాక్స్ దాకా వచ్చినవాణ్ణి. ఈ ట్రాక్ మొత్తం చెవితో పట్టుకుని రాసుకున్నాను, అందుకే చెప్తున్నాను. అసలు పాటలో కుక్క కరిస్తే, తేనెటీగ కుడితే అని వచ్చే చివరి భాగం ఉంది కదా, కోల్ట్రేన్ దాన్ని ఎక్కడో ఆఖర్న గానీ ముట్టుకోడు. అప్పటిదాకా మొదటి వరసే. దాని మధ్యలో రెండు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) అటూ ఇటూ ఊగుతుంటాయి, వాటి మీదే సోలోలన్నీ. పాట తాలూకు కార్డ్స్ వరుస పక్కన పెట్టేసి, ఒకే చోట నిలబడి వాయించడం. అక్కడే అంతా మారిపోయింది.

వయొలిన్_వాణి:
శీను గారూ, మీరు చెప్పినదాన్నే మేము రాగం అంటాం! కింద బేస్ (లోతైన స్వరాల పెద్ద తీగవాయిద్యం) ‘ఈ’ (E) అనే స్వరం మీద షడ్జంలా నిలబడి ఉంటుంది. మైనర్ భాగంలో వాయించే స్వరాలు చూడండి: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అది ఖరహరప్రియ రాగం. మేజర్‌లోకి వెళ్ళగానే అంతర గాంధారం, కాకలి నిషాదం వస్తాయి, అది శంకరాభరణం. షడ్జం కదలకుండా ఖరహరప్రియ నుంచి శంకరాభరణానికి వెళ్ళి వస్తున్నాడు. నాకు ఆ రికార్డు మొదటిసారి వినగానే మా గురువుగారి ఇంట్లో కూర్చున్నట్టే అనిపించింది. కిరణ్ గారూ, కర్ణాటక సంగీతం విన్న చెవి ఉంటే ఇది మీకు వెంటనే ఎక్కుతుంది.

సాక్స్_శీను:
వాణి గారూ, ఇదే నాకు నచ్చనిది. ఎవరు ఏం వాయించినా మన రాగమే అనడం. స్కేలు వేరు, రాగం వేరు, ఆ మాట మీకు నేను చెప్పాలా? ఆరోహణ అవరోహణ సరిపోతే ఖరహరప్రియ అయిపోతుందా? గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఏది? కంపితమైన గాంధారం ఏది? అక్కడ ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ మీద మూడు మాత్రల లెక్కని ఎన్ని రకాలుగా విరుస్తున్నాడో, పియానో మీద మెకాయ్ టైనర్ ఎడమచేయి నాలుగేసి స్వరాల దూరంలో ఎలాంటి కార్డ్స్ పేరుస్తుందో, ఆ ఇద్దరూ లేకపోతే ఆ రికార్డు లేదు. అది బ్లూస్ నుంచి, చర్చి నుంచి, డ్యాన్స్ బ్యాండ్‌ల నుంచి వచ్చినవాళ్ళ కష్టం. దాన్ని తీసుకొచ్చి మన గూట్లో పెట్టకండి.

వయొలిన్_వాణి:
నేను గూట్లో పెట్టలేదు. కోల్ట్రేన్ స్వయంగా రవిశంకర్ దగ్గర నేర్చుకోవాలని వెతుక్కుంటూ వెళ్ళాడు, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1961లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ‘ఇండియా’ అనే పేరుతోనే ఒకటి వాయించాడు. ఆయనే దారి చూపిస్తుంటే నేను చూడకూడదా? గమకం లేదని నాకూ తెలుసు. ఒక శ్రుతి పట్టుకుని దాని చుట్టూ ఎంతసేపు తిరగొచ్చు అనే ఆలోచన గురించి నేను మాట్లాడుతున్నాను. కీర్తనలో ఒక్క పంక్తే తీసుకుని నెరవల్ చేస్తాం, అంటే దాన్నే రకరకాలుగా తిప్పి పాడతాం అంటే మీరు చెప్పినదానికి తేడా ఏముంది?

ఎడిసన్_రావు:
ఈ గొడవ పక్కన పెట్టి పియానిస్ట్ బిల్ ఎవాన్స్ పేరు ఎవరూ ఎత్తలేదేమిటండీ? 1961 జూన్ 25, ఆదివారం, విలేజ్ వాన్‌గార్డ్. ఆ ఒక్క రోజు వాయించినదాంట్లోంచి రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’లో మొదటి పాట ‘మై ఫూలిష్ హార్ట్’ 1949 నాటి సినిమా పాట. పక్కన గ్లాసులు తగిలే చప్పుడు, ఎవరో నవ్వుకోవడం కూడా రికార్డయింది. బేస్ వాయించిన స్కాట్ లఫారో ఆ తర్వాత రెండు వారాలు గడవకుండానే కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళవాడు. బేస్ అంటే వెనక నడిచేది కాదు, పియానోతో సమానంగా మాట్లాడేది అని నాకు అర్థమైంది ఆయన వల్లే.
న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి చెప్తున్నా, వాన్‌గార్డ్ ఇప్పటికీ నడుస్తోంది. 1935 నుంచీ ఉంది. మెట్లు దిగి కిందికి వెళ్ళాలి, లోపల చాలా చిన్నది. మా వాళ్ళు వీకెండ్‌కి మాల్‌కి తప్ప ఎక్కడికీ రారు, నేను ఒక్కణ్ణే వెళ్తుంటా.

ఓరుగల్లు_గిటార్:
అన్నా, అందరు పియానో, సాక్స్ అంటున్నరు. గిటారిస్ట్ వెస్ మాంట్‌గమరీ యాది లేడా? పిక్ (తీగలు మీటే బిళ్ళ) వాడడు, బొటనవేలు ఒక్కటే. ఇండియానపోలిస్‌ల పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బుల వాయించుడు, ఇంట్ల పెద్ద సంసారం. గసొంటి మనిషి 1967ల ‘ఎ డే ఇన్ ద లైఫ్’ చేసిండు. బీటిల్స్ పాట, ‘ఎలనార్ రిగ్బీ’, ‘విండీ’ అన్నీ ఉంటయి. నాకు జాజ్ అంటే తెల్వని రోజుల్ల గదే నన్ను లోపటికి గుంజింది. నేను గిటార్ పట్టిందే ఆయన ఆక్టేవ్‌లు (ఒకటే స్వరం కింది స్థాయిల, పై స్థాయిల ఒక్కసారి మోగించుడు) ఇని. కిరణ్ తమ్మీ, నువ్వు గక్కడికెళ్ళి షురూ చెయ్.

విశాఖ_ఎల్పీ:
గిటార్ తమ్ముడూ, ఆ ఆల్బమ్ గురించి నాకు చెప్పకు. వెస్ అంటే 1965 నాటి ‘స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్’, పియానిస్ట్ వింటన్ కెల్లీ ట్రియోతో, అంటే ముగ్గురి బృందంతో. అది విన్నాక ‘ఎ డే ఇన్ ద లైఫ్’ వింటే ఏడుపొస్తుంది. అంత మనిషిని కూర్చోబెట్టి, వరస మాత్రం ఆక్టేవ్‌ల్లో వాయించమని, వెనక వయొలిన్లు పోశారు. రేడియో కోసం చేసిన సరుకు. సోలో ఏది అందులో?

ఓరుగల్లు_గిటార్:
రేడియోల రావుడు తప్పా అన్నా? జిందగీ మొత్తం కష్టపడ్డ మనిషికి ఆఖరికి నాలుగు పైసలు కండ్లజూసే టైమొచ్చింది. 1968ల పోయిండు, 45 ఏండ్లే. హాఫ్ నోట్ రికార్డు నేను కూడ రోజూ ఇంట. గని గా రికార్డు ఇనేటోళ్ళు అప్పుడెంతమంది? పాట తెలిసినోడే గదా లోపటికొచ్చేది. ‘విండీ’ వరసల ఆ బొటనవేలు సప్పుడు ఇను, మెత్తగ ఎట్ల పడ్తదో. ఇంకొకరికి రాదది. సోలో పొడుగును బట్టి మనిషిని తూకమేస్తరా?

కొత్తపేట_కిరణ్:
అందరికీ థాంక్స్, రాసుకుంటున్నా. హెడ్‌ఫోన్స్ సంగతి ఎవరైనా చెప్తారా? ఎల్పీ ప్లేయర్ ఇప్పుడే వద్దనుకుంటున్నా.

పాలకొల్లు_ప్రసాద్:
జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించినాయన మా ఊరివాడండి, మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించినవాడు, జాకీర్ హుస్సేన్ పక్కన కూర్చుని ఏం వాయించాడో వినండి ఓసారి. జాజ్ గిటార్ ఆయన మెక్‌లాఫ్లిన్ ఒక మాట అంటే మావాడు తిరిగి రెండు అనేవాడు. 2014లో పోయాడు. ఇంత పెద్ద చర్చలో ఆయన పేరు లేకపోతే నాకు మనసొప్పలేదండి.

సాక్స్_శీను:
ప్రసాద్ గారూ, శ్రీనివాస్ గారంటే నాకూ ప్రాణమే, కానీ ఇక్కడ అడిగింది స్టాండర్డ్స్ గురించి.
వాణి గారికి నా జవాబు. తేడా ఉంది. స్టాండర్డ్ అంటే చాలావరకు ముప్ఫైరెండు బార్ల (తాళం ఆవర్తాల) ఇల్లు. అందులో గదులన్నీ కార్డ్స్. వరస పోయినా ఆ గదులు మిగులుతాయి. అందుకే బీబాప్ (1940ల నాటి వేగమైన జాజ్) వాళ్ళు వరస తీసేసి కార్డ్స్ ఉంచుకున్నారు. 1945లో చార్లీ పార్కర్ సాక్స్ మీద ‘కోకో’ వాయించాడు, కింద ఉన్నది ‘చెరకీ’ అనే పాత పాట కార్డ్స్. ‘ఆర్నితాలజీ’ కింద ఉన్నది ‘హౌ హై ద మూన్’. వరసకి కాపీరైట్ ఉంటుంది, కార్డ్స్ వరుసకి ఉండదు కాబట్టి రాయల్టీ కూడా కట్టక్కర్లేదు. బెర్లిన్‌లో ఎల్లా ‘హౌ హై ద మూన్’ పాడుతూ మధ్యలో ‘ఆర్నితాలజీ’లోకి దూకుతుంది, అందుకే అంత హాయిగా అతుకుతుంది. కీర్తనలో వరస తీసేస్తే మీకు ఏం మిగులుతుంది? రాగం, తాళం. ఆ రెండూ వేల కీర్తనలకి ఉమ్మడి. పోలికే కుదరదు.

వయొలిన్_వాణి:
మీరిప్పుడు చార్లీ పార్కర్ గురించి చెప్తున్నారు. నేను చెప్పింది కోల్ట్రేన్ గురించి. ఆ ట్రాక్‌లో గదులన్నీ పక్కన పెట్టేశాడని మీరే పైన రాశారు. ఇల్లు తీసేశాక మిగిలింది శ్రుతే కదా. నా మాట మీద నేను నిలబడే ఉన్నాను.

రాత్రి_రేడియో:
గదులు, శ్రుతులు అంటూ పాటలో మాటల్ని అందరూ వదిలేశారు. సాక్స్ వాయించే డెక్స్టర్ గార్డన్ ఏదైనా బాలడ్ (నెమ్మది పాట) వాయించే ముందు మైకు ముందుకొచ్చి దాని మాటలు చదివి వినిపించేవాడు, ఆ తర్వాతే సాక్స్ ఎత్తేవాడు. ఎందుకని? వాయించేది ఆ మాటల్నే కాబట్టి. 1958 నాటి గాయని బిల్లీ హాలిడే ‘లేడీ ఇన్ శాటిన్’ వినండి. గొంతు పూర్తిగా అరిగిపోయింది, మరుసటి ఏడాదే పోయింది. ‘ఐయామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ’లో ఒక్కో మాట ఆలస్యంగా వచ్చి పడుతుంది, ఆర్కెస్ట్రా ముందు వెళ్ళిపోతుంటే ఆవిడ వెనక నిలబడుతుంది. దాన్ని గొంతు చెడిన రికార్డు అనేవాళ్ళని నేను సహించలేను. మా అమ్మ పోయిన ఏడాది నేను ఇంకేమీ వినలేకపోయాను, అదొక్కటే విన్నాను.
కిరణ్, నీ ప్రశ్నకి నా జవాబు: అసలు పాట ముందు విను, మాటలతో సహా.

ఎడిసన్_రావు:
మాటలే ముఖ్యమంటే మరి రాక్ బ్యాండ్ నిర్వానా పాట పియానిస్ట్ హెర్బీ హాంకాక్ వాయిస్తే? 1996లో ‘ద న్యూ స్టాండర్డ్’ అని ఆల్బమ్ చేశాడు. నిర్వానా, ప్రిన్స్, పీటర్ గాబ్రియల్, షాడే పాటలు. 1930ల బ్రాడ్‌వే పాటలు స్టాండర్డ్స్ అయితే ఇవెందుకు కావు అని అడిగాడు, సరైన ప్రశ్న. పియానిస్ట్ బ్రాడ్ మెల్డావ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌ని ఎత్తుకున్నాడు, 1998లో ‘ఎగ్జిట్ మ్యూజిక్’. ‘హ్యూమన్ నేచర్’ సంగతి చూడండి, మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’లోది. 1985లో మైల్స్ డేవిస్ దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు, ట్రంపెట్‌కి మ్యూట్ (శబ్దం తగ్గించే మూత) పెట్టి వాయించాడు. 2012లో పియానిస్ట్ విజయ్ అయ్యర్ ట్రియో అదే పాటని ‘అక్సెలరాండో’లో వాయించింది, లయ అడుగడుగునా జారుతుంటుంది, అయినా వరస ఇట్టే గుర్తుపడతాం. మా అబ్బాయికి జాజ్ ఎక్కింది దానితోనే.

విశాఖ_ఎల్పీ:
మైల్స్ ‘హ్యూమన్ నేచర్’ ఉన్న ఆ ‘యూ ఆర్ అండర్ అరెస్ట్’ ఆల్బమ్ కంటే 1964 ఫిబ్రవరి 12 నాటి మైల్స్ కచేరీ వినండి. నెమ్మది పాటలన్నీ ‘మై ఫన్నీ వాలెంటైన్’ అనే ఎల్పీలో వేశారు, వేగమైనవి ‘ఫోర్ అండ్ మోర్’లో. వాలెంటైన్ పాట పదిహేను నిమిషాలు సాగుతుంది. వరస అక్కడక్కడా మెరిసి మాయమవుతుంది. డ్రమ్స్ టోనీ విలియమ్స్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

ఓరుగల్లు_గిటార్:
కిరణ్ తమ్మీ, హెడ్‌ఫోన్స్ వైరుది తీస్కో, చెవి మొత్తం మూసేది. బేస్ ఎక్కువ కొట్టేది తీస్కోకు, గా మోతల అసలు బేస్ వాయిద్యమే సక్కగ వినపడదు.

సాక్స్_శీను:
పియానిస్ట్ కీత్ జారెట్ పేరు రాకుండా ఈ చర్చ ఎలా ముగుస్తుంది? 1983 ‘స్టాండర్డ్స్ వాల్యూమ్ 1’, బేస్ గ్యారీ పీకాక్, డ్రమ్స్ జాక్ డిజానెట్. ఆ రోజుల్లో స్టాండర్డ్స్ వాయించడం పాతకాలపు పని అనుకునేవాళ్ళు. ఈ ముగ్గురూ వచ్చి ఆ మాట మార్చేశారు.

విశాఖ_ఎల్పీ:
వాయిస్తూ జారెట్ చేసే ఆ మూలుగులు భరించలేను శీను. పియానో వినడానికి డబ్బులు పెట్టాను, మనిషి నొప్పి పడుతున్న చప్పుడు వినడానికి కాదు. అంత మంచి పియానో మీద ఆ గొంతు ఎందుకు?

రాత్రి_రేడియో:
ఆయన మూలగడం లేదండీ, పాడుతున్నాడు. వేళ్ళు వెళ్ళబోయే వరసని గొంతు పట్టుకుంటోంది. ఆ ఆల్బమ్ చివర ‘గాడ్ బ్లెస్ ద చైల్డ్’ ఉంది, బిల్లీ హాలిడే ఆర్థర్ హర్జోగ్‌తో కలిసి రాసుకున్న పాట. పదిహేను నిమిషాలు వాయిస్తారు, మాట ఒక్కటి ఉండదు. డిజానెట్ తిన్నగా, చర్చిలో చప్పట్లు పడ్డట్టు కొడుతుంటాడు. తల్లికీ తండ్రికీ ఉన్నా సొంతంగా సంపాదించుకున్న బిడ్డే అదృష్టవంతుడని చెప్పే పాట అది. ఆ మాటలు తెలిసి వింటే, మీరు మూలుగంటున్న ఆ గొంతు సరిగ్గా అవే మాటల దగ్గర లేస్తుంది. ఈ రాత్రికి బిల్లీది ఒకసారి వినేసి, వెంటనే ఇది పెట్టండి.