కథల సంపుటికి పేరు: చీకటిని అట్ట మీదే చెప్పాలా?

కందుకూరు కథకుడు

పదకొండు కథలతో నా మొదటి సంపుటి అచ్చుకు సిద్ధంగా ఉంది, పేరు మాత్రం తేలలేదు. వీటిలో ఒక్క కథ కూడా సుఖాంతం కాదు. ఫ్లోరిన్ నీళ్లకు నడుము వంగిపోయిన తండ్రిని చూడటానికి రాని కనిగిరి కొడుకు, గూడూరు దగ్గర పాడుబడిన అభ్రకం గనిలోకి దిగి తిరిగి రాని అన్నదమ్ములు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ తగలబడిన రాత్రి కునుకు తీసిన కాపలా మనిషి, ఇలాంటివారి కథలు. మూడు పేర్లు అనుకున్నాను: ‘ప్రకాశంలో చీకటి’, ‘నెత్తుటి రాత్రులు’, ‘గొట్టం మీద ఆకు’. మొదటిది నాకు నచ్చింది, రెండోది ప్రచురణకర్త సూచించినది, మూడోది చివరి కథ పేరు. లోపల ఉన్నది చీకటి అయినప్పుడు ఆ మాట అట్ట మీదే చెప్పడం పాఠకుడి పట్ల నిజాయితీ అని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పగలరు.

ఒంగోలు పాఠకురాలు

నేను కాదంటాను. ‘ప్రకాశంలో చీకటి’ అనగానే మొదట కలిగేది భయమూ కాదు, బాధా కాదు, శ్లేష దొరికిందన్న చిన్న సంతోషం. జిల్లా పేరులో వెలుగు ఉంది, కథల్లో చీకటి ఉంది, రచయిత తెలివిగలవాడు అనుకుని పాఠకుడు పేజీ తిప్పుతాడు. నడుము వంగిన మనిషి కథకు చమత్కారంతో తలుపు తీయడం ఏం మర్యాద? ఇది పత్రికలో కరెంటు కోత వార్తకు పెట్టే శీర్షికలా ఉంది.

పొదిలి మాస్టారు

అమ్మాయి చెప్పిన దానికి మరొక చిక్కు కలుపుతాను. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడిన దానికి 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది, 2025 చివర్లో తిరిగి ప్రకాశంలోకి వచ్చింది. అంటే మీరు కూర్చుని రాసిన ఊరే మూడేళ్లకు పైగా ప్రకాశంలో లేదు, గూడూరు సంగతి సరేసరి, అది ఏనాడూ లేదు. ఈ దేశంలో ఫ్లోరిన్ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి అప్పట్లో ఆ జిల్లావే. హద్దులు మారాయి, నీళ్లు మారలేదు. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో మార్చగలిగే మాట మీద పుస్తకం పేరు నిలబెట్టకండి.

పుస్తకాల కొట్టు

పెద్దలు సాహిత్యం వైపు నుంచి చెబుతున్నారు కాబట్టి నేను బల్లకు అవతలి వైపు నుంచి చెబుతాను. కొత్త రచయిత పుస్తకాన్ని ఎవరూ పేరున్నవారి పుస్తకంలా వెతుక్కుంటూ రారు. దొంతరలో వీపు మాత్రమే కనిపిస్తుంది, దాని మీద నాలుగు మాటలు ఉంటాయి, ఆ మాటలే చేయి పట్టుకుని లాగాలి. ‘నెత్తుటి రాత్రులు’ లాగుతుంది, అందులో అనుమానం లేదు. అయితే అది లాగేది అపరాధ పరిశోధన చదివేవారిని. వారు మూడో పేజీలో హంతకుడి కోసం వెతికి, దొరక్క, పుస్తకాన్ని తిరిగి తెచ్చి నా బల్ల మీద పెడతారు. కనుక ఆ పేరు నాకు కూడా వద్దు. కానీ ‘గొట్టం మీద ఆకు’ మరీ కష్టం. ‘గొట్టంగాడు’ అన్న తిట్టు తెలుగునాట ఎవరికి తెలియదు? అట్ట చూసి నవ్వినవాడికి ఏడుపు కథ అమ్మడం నావల్ల కాదు.

ఒంగోలు పాఠకురాలు

గొట్టం మాటకు నవ్వు వస్తుందన్నది ఒప్పుకుంటాను. అయినా ఆ మూడింటిలో బతికి ఉన్న పేరు అదొక్కటే. బ్యారన్ లోపల ఏం జరుగుతుందో తెలియనివారి కోసం చెబుతున్నాను. పచ్చాకును కర్రలకు కట్టి వరుసలుగా పైకి ఎక్కిస్తారు, కింద నేల మీదుగా రేకు గొట్టాలు పోతాయి, బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే ఆ వేడి గొట్టాల వెంట లోపలికి పాకుతుంది. మొదట ఆకు పసుపు తిరగాలి, తరువాత ఆరాలి, చివరికి ఈనె ఆరాలి. ఐదారు రోజుల పని. ఈనె ఆరే దశకు వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్తుంది, అప్పటికి ఆకు ముట్టుకుంటే పొడి అవుతుంది. ఆ సమయంలో కట్టు వదులై ఒక్క ఆకు కాలుతున్న గొట్టం మీద పడితే చాలు, తెల్లవారేసరికి బ్యారన్ ఉండదు. సంవత్సరం అప్పు మాత్రం ఉంటుంది. ఈ మూడు మాటల పేరులో అదంతా ఉంది, పైగా ‘చీకటి’ అన్న మాట ఎక్కడా లేదు.

పొదిలి మాస్టారు

చీకటి అన్న మాట లేకపోవడమే గుణమన్నది నిజం. కాళీపట్నం రామారావు గారి సంపుటికి 1995లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. దాని పేరు ‘యజ్ఞంతో తొమ్మిది’. అందులోని ‘యజ్ఞం’ కథ చివర తండ్రి చేతిలో కొడుకు చనిపోతాడు. పేరు ఆ సంగతి ముందుగా చెప్పలేదు, దాచనూ లేదు. చదివాక ‘యజ్ఞం’ అన్న మాటకే అర్థం మారిపోతుంది. మంచి పేరు చదవకముందు ఒకటి, చదివాక మరొకటి.

పుస్తకాల కొట్టు

మాస్టారూ, ‘యజ్ఞం’ అందరికీ తెలిసిన మాట. బ్యారన్ గొట్టం కొండపి, టంగుటూరు, కలిగిరి లాంటి పొగాకు ఊళ్లు దాటితే ఎవరికి తెలుసు? ‘ఆకు రాలిన రాత్రి’ అని మార్చితే కాస్త అందంగా ఉండదా?

ఒంగోలు పాఠకురాలు

అందంగానే ఉంటుంది, శిశిరం మీద రాసిన వచన కవిత్వంలా. దయచేసి వద్దు.

కందుకూరు కథకుడు

‘ప్రకాశంలో చీకటి’ని వదులుకుంటున్నాను. కందుకూరు సంగతి నాకే తట్టకపోవడం కొంచెం సిగ్గుగా ఉంది. నిన్న రాత్రి మూడు పేర్లూ మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన ముప్పై ఏళ్లు బ్యారన్ల దగ్గర పనిచేశారు, నా కథలు ఒక్కటీ చదవలేదు. మొదటి రెండు పేర్లకు ఊఁ అన్నారు. మూడోది చదవగానే మంచం మీద లేచి కూర్చుని, “ఎవరిదిరా? ఎప్పుడు కాలింది?” అని అడిగారు.

పుస్తకాల కొట్టు

మీ నాన్నగారు నా దగ్గరికి వచ్చి పుస్తకం కొనరు కదా. అయినా సరే, ఆ పేరే పెట్టండి. కింద చిన్న అక్షరాలతో ‘కథలు’ అని వేయించడం మరవకండి, లేకపోతే దీన్ని వ్యవసాయం అరలో పెట్టేస్తారు. అట్ట మీద ఆకు బొమ్మ మాత్రం వేయించకండి.