ఆర్‌వీ కొని ఎల్‌ఎల్‌సీ ఖర్చులో రాసేయొచ్చా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

గ్రూపులో అందరికీ నమస్కారమండీ. అమెరికా వచ్చి రెండేళ్ళు కావస్తోంది. నాది హెచ్-1బి మీద ఫుల్‌టైమ్ ఉద్యోగం. మా ఆవిడకి హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద పని చేసుకునే అనుమతి) ఉంది, తన పేరు మీద ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి చీరలు, వన్‌గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతోంది. వీకెండ్ ఎగ్జిబిషన్లు, ఉగాది, దీపావళి స్టాళ్ళు, అప్పుడప్పుడూ తానా, ఆటా మహాసభలు. హోటళ్ళకి బాగా అవుతోంది. 90,000 డాలర్లకి ఒక క్లాస్ సి మోటార్ హోమ్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న ఆర్‌వీ) చూశాం. "6,000 పౌండ్లు దాటిన బండి, ఎల్‌ఎల్‌సీ పేరు మీద కొను, మొదటి ఏడాదే మొత్తం రైటాఫ్ (పన్ను లెక్కలో ఖర్చుగా రాసేయడం)" అని ఒకాయన చెప్పారు. సమ్మర్‌లో పిల్లల్ని ఎల్లోస్టోన్ కూడా తిప్పొచ్చని మా ఆశ. నిజమేనా?

జవాబు 1 (ఎడిసన్, న్యూజెర్సీ)

సగం నిజమండీ, ముంచేది కూడా ఆ సగమే. 6,000 పౌండ్ల రూలు కార్ల తరుగుదలకి (బండి ధరని ఏటా కొంత చొప్పున ఖర్చు రాయడానికి) ఏడాదికింత అని పెట్టిన పరిమితి గురించి. బరువు అంతకంటే తక్కువున్న కారుకి 2025లో బోనస్‌తో (మొదటి ఏడాదే అదనంగా రాసుకునే తరుగుదలతో) కలిపి మొదటి ఏడాది 20,200 డాలర్లు దాటకూడదు. బండి బరువైతే ఆ గీత తొలగుతుంది. 2025 జనవరి 19 తర్వాత కొన్నవాటికి బోనస్ డిప్రిసియేషన్ మళ్ళీ 100 శాతం అయింది, అదీ నిజమే. మీకు చెప్పినాయన ఇక్కడితో ఆగిపోయారు.

మీరు చూసినదాంట్లో పడక, పొయ్యి, టాయిలెట్ ఉన్నాయి కదా. ఆ మూడూ ఉంటే పన్ను చట్టం దాన్ని ముందు ఇల్లుగా చూస్తుంది, తర్వాతే బండిగా. ఆ చట్టం సెక్షన్ 280ఎ లో ఇల్లంటే ఏమిటో చెబుతూ ఇల్లు, అపార్ట్‌మెంట్, కాండో, మొబైల్ హోమ్, పడవ, అలాంటి ఆస్తి అని రాసి ఉంది. చిన్న మోటార్ హోమ్ కూడా అందులోకే వస్తుందని టాక్స్ కోర్టు 1980లోనే తేల్చింది. ఇల్లు అనిపించుకున్న ఆస్తిని మీరో మీ కుటుంబమో ఏడాదిలో 14 రోజులకి మించి సొంతానికి వాడితే (అద్దెకిచ్చేదైతే 14 రోజులు, అద్దె రోజుల్లో 10 శాతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది) దాని మీద వ్యాపార తరుగుదల, వడ్డీ పోయినట్టే.

2014లో వచ్చిన తీర్పు అచ్చం మీ కేసులాంటిది. ఒక దంపతులు ఆర్‌వీ యజమానుల ర్యాలీలకి తమ ఆర్‌వీలోనే వెళ్ళి, కస్టమర్లని అందులోనే కూర్చోబెట్టి ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవారు. వ్యాపారం నిజమైనదే, ఎవరూ కాదనలేదు. కానీ పగలు పాలసీ అమ్మి రాత్రి అదే బండిలో టీవీ చూస్తే ఆ రోజు కూడా సొంత వాడకం కిందే లెక్క అంది కోర్టు. రోజులో కాస్త సొంతానికి వాడినా రోజంతా సొంతమే. తరుగుదల, వడ్డీ రెండూ కొట్టేశారు. "ఒక భాగాన్ని వ్యాపారానికే వాడాం" అనే మినహాయింపు ఒకటుంది, కానీ ఆ భాగం పూర్తిగా, ఎప్పుడూ వ్యాపారానికే ఉండాలి. పగలు కౌంటరు, రాత్రి డైనింగ్ టేబుల్ అయ్యే బల్లకి అది వర్తించదు.

అంటే మీకు ఎల్లోస్టోన్ ట్రిప్ ఒక్కటే సమస్య కాదు. స్టాలు పెట్టిన ఊళ్ళో రాత్రి అందులో పడుకుని పిల్లలకి అన్నం వండిపెట్టినా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఎల్‌ఎల్‌సీ పేరు మీద కొంటే ఇందులో ఏదీ మారదు. ఒక్కరే ఓనరున్న ఎల్‌ఎల్‌సీని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) విడిగా చూడదు, అంతా మీ 1040 (ఏడాది పన్ను రిటర్ను)లో షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క) లోకే వస్తుంది. "సొంత ఎల్‌ఎల్‌సీకి ఏడాదికి 14 రోజులు ఆర్‌వీ అద్దెకిచ్చి ఆ అద్దె పన్ను లేకుండా తీసుకో" అని వాట్సాప్‌లో తిరిగే సలహా కూడా ఇందుకే నిలబడదు. మీకు మీరే అద్దె ఇచ్చుకోలేరు.

జవాబు 2 (శాన్ హోసే)

పన్ను కంటే ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప పని చేయకూడదు. మీరు బండి నడపడం, స్టాలు కట్టడం, బిల్లింగ్ దగ్గర కూర్చోవడం వ్యాపారంలో పనిగా కనబడతాయి. లాగ్ బుక్‌లో డ్రైవర్‌గా మీ పేరు పడితే మీ చేత్తో మీరే సాక్ష్యం రాసిచ్చినట్టు.

షెడ్యూల్ సి పైన మీ ఆవిడ పేరు, ఆవిడ ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) మాత్రమే ఉండాలి. భార్యాభర్తలిద్దరి పేరునా చెరో షెడ్యూల్ సి పెట్టే "క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్" పద్ధతిని సాఫ్ట్‌వేర్ చూపించినా ముట్టుకోకండి. దానికి ఇద్దరూ వ్యాపారంలో చురుగ్గా పని చేసి ఉండాలన్నది షరతు. అది టిక్ పెట్టారంటే మీరు పని చేశారని ఒప్పుకున్నట్టే. గ్రీన్‌కార్డు దశలో పాత రిటర్నులు అడిగితే ఇదే మొదట బయటికొస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంకో భ్రమ కూడా ఉంటుంది: "ప్రాజెక్టు కోసం ఊరూరు తిరుగుతాను, ఆర్‌వీ నా ఉద్యోగ ఖర్చు" అని. డబ్ల్యూ-2 ఉద్యోగి (కంపెనీ జీతం మీద ఉన్నవాళ్ళు) సొంతంగా పెట్టుకున్న ఖర్చులకి 2018 నుంచి ఫెడరల్‌లో మినహాయింపు లేదు. 2025 చట్టం దాన్ని శాశ్వతం చేసింది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. మంచం, పొయ్యి తీసేయిస్తే? అప్పుడు ఇల్లు కాదు కదా?

జవాబు 3 (ఆల్ఫరెట్టా, జార్జియా)

కాదు, కానీ అప్పుడిక ఆర్‌వీ ఎందుకండీ? అంత డబ్బు పెట్టి కొన్నది ఆ మంచానికీ పొయ్యికే కదా. మీకు కావలసింది సరుకు మోసే బండి. మూతున్న కార్గో ట్రైలర్ చూడండి. 6 అడుగులు బై 12 అడుగులది, సింగిల్ యాక్సిల్, లోడుతో సహా మొత్తం బరువు 2,990 పౌండ్లకి రేట్ చేసినవి మార్కెట్లో మామూలుగా దొరుకుతాయి. అందులో ఎవరూ పడుకోరు, సొంత వాడకం ప్రశ్నే రాదు, మొదటి ఏడాదే మొత్తం రాసుకోవచ్చు. గోడకి రాడ్లు బిగిస్తే చీరలు హ్యాంగర్ల మీదే వస్తాయి, ప్రతి ఊళ్ళో మడత విప్పి ఇస్త్రీ చేసే పని తప్పుతుంది.

చూసుకోవాల్సిందల్లా లాగే బండి. సియెన్నా, ఒడిస్సీ లాంటి మినీవ్యాన్లు 3,500 పౌండ్లకి మించి లాగకూడదు, అందులో మనుషులు, సామాను నిండితే ఇంకా తక్కువ. హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. చీరల కట్టలన్నీ వెనక తలుపు దగ్గర పేర్చితే ముందు బరువు తేలిపోయి హైవే మీద ట్రైలర్ పాములా ఊగుతుంది. బరువైన పెట్టెలు యాక్సిల్‌కి కొంచెం ముందు, కింద పెట్టాలి.

హోటల్ ఖర్చు గురించి బాధపడకండి. ఊరు దాటి రాత్రి ఉండాల్సి వచ్చిన వ్యాపార ప్రయాణంలో హోటల్ మొత్తం ఖర్చే, భోజనం సగం. కుటుంబమంతా వెళ్తే ఒక మనిషికి గది ఎంతయ్యేదో అంతే రాయాలి. ఒకరికైనా నలుగురికైనా గది రేటు ఒకటే అయితే తేడా లేదు. సొంత వ్యాపారం వాళ్ళు భోజనానికి పెర్‌డియం (రోజుకింత అని ప్రభుత్వం పెట్టిన మొత్తం) వాడొచ్చు, హోటల్‌కి మాత్రం అసలు రసీదే కావాలి.

జవాబు 4 (ఎడిసన్)

లాగ్ సంగతి కూడా చెప్పేస్తాను. ఏ బండి కొన్నా కావాలి. తేదీ, బయల్దేరినప్పుడు, చేరినప్పుడు ఓడోమీటర్, ఊరు, ఈవెంట్ పేరు, పని. వారానికొకసారి కూర్చుని రాసినా సకాలంలో రాసినట్టే లెక్క, ఏప్రిల్‌లో కూర్చుని ఏడాది మొత్తం ఒకే పెన్నుతో రాస్తే కాదు. హోటల్ రసీదు ఎంత చిన్నదైనా ఉంచాలి, మిగతావి 75 డాలర్లు, ఆపైనవి. ఫారం 4562 (తరుగుదల ఫారం)లో "ఆధారం ఉందా, అది రాతలో ఉందా" అని ముఖం మీదే అడుగుతారు.

ఇక ఆ 90,000 లెక్క. 280ఎ అడ్డమే లేదనుకుందాం, 70 శాతం వ్యాపారం అనుకుందాం. మొదటి ఏడాది 63,000 రాశారు. చీరల మీద 12,000 లాభముంటే మిగిలిన 51,000 మీ డబ్ల్యూ-2 జీతాన్ని తగ్గిస్తుంది. అందరికీ నోరూరేది ఇక్కడే, ఆడిటర్ ముందు చూసేదీ ఇదే. మూడో ఏడాది స్టాళ్ళు తగ్గి వ్యాపార వాడకం 40 శాతానికి పడిందనుకోండి. 50 శాతం దాటి లేకపోతే పాత రైటాఫ్ తిప్పి కట్టాలి. మామూలు సరళరేఖ పద్ధతిలో (ఏటా సమానంగా రాస్తూ, మొదటి ఏడాదికి సగమే లెక్కిస్తే) మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 20 శాతం వచ్చేది, అంటే 18,900. తేడా 44,100 ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. వాడకం తగ్గకముందే అమ్మేసినా, రాసుకున్న తరుగుదల మేరకు వచ్చిన లాభం మీద మామూలు ఆదాయంలాగే పన్ను పడుతుంది. 24 శాతం స్లాబులో 15,000 చిల్లర ఆదా కోసం 90,000 పెట్టడం ఏ లెక్కో నాకసలు అర్థం కాదు.

ఆర్‌వీ మీద ఆశ చావకపోతే ఇంటి ఖర్చుగా కొనండి, షెడ్యూల్ ఎ (మినహాయింపులు విడివిడిగా రాసే ఫారం) లో చూసుకోండి. పడక, వంట, టాయిలెట్ ఉన్న ఆర్‌వీ రెండో ఇల్లుగా పనికొస్తుంది. దాని మీదే తాకట్టుగా తీసుకున్న లోనుకి వడ్డీ రాసుకోవచ్చు, ఇంటి లోనుతో కలిపి 7,50,000 డాలర్ల అసలు దాకా. టెక్సస్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి సేల్స్ టాక్స్ ఎంచుకుంటారు. మోటార్ హోమ్ మీద కట్టిన 6.25 శాతం, అంటే 5,625 డాలర్లు, ఐఆర్‌ఎస్ సేల్స్ టాక్స్ టేబుల్ చూపే మొత్తానికి అదనంగా కలుపుకోవచ్చు. ప్రాపర్టీ టాక్స్‌తో కలిపి 2025లో 40,000 దాకా పరిమితి. ఇవన్నీ కలిపి జంటకి స్టాండర్డ్ డిడక్షన్ (ఏ లెక్కా చూపకుండా అందరికీ వచ్చే మినహాయింపు, 2025లో 31,500) దాటితేనే లాభం. సొంత ఇల్లున్న ఫ్రిస్కోవాళ్ళకి దాటడం అసాధ్యమేం కాదు.

జవాబు 5 (ఫీనిక్స్)

అద్దెకిచ్చే దారి ఎవరూ చెప్పలేదు. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ అనే అద్దె సైట్లలో పెడితే, సగటు అద్దె 7 రోజులు, అంతకంటే తక్కువ ఉండి, మీ ఆవిడే బుకింగులు, శుభ్రం, తాళాలు అన్నీ చూసుకుంటే నష్టం వచ్చినా పాసివ్ (చురుగ్గా పని చేయని వ్యాపారం) కింద ఆగిపోదు. 150 రోజులు అద్దెకి పోతే 15 రోజులు మీరు వాడుకోవచ్చు. రోజంతా మరమ్మతుకి పోయిన రోజు సొంత వాడకం కాదు. మరోవైపు మీరే ఎక్కువ వాడుకుంటూ ఏడాదిలో 15 రోజులకంటే తక్కువే అద్దెకిస్తే ఆ అద్దెకి పన్ను లేదు, ఖర్చూ రాయకూడదు. దీనికీ జవాబు 2లో చెప్పిన వీసా షరతే. శనివారం పొద్దున కస్టమర్‌కి జనరేటర్ ఎలా ఆన్ చేయాలో చూపించేది మీరు కాకూడదు. మామూలు ఆర్‌వీ పాలసీ అద్దెకిచ్చినప్పుడు పని చేయదని కూడా గుర్తుంచుకోండి.

జవాబు 6 (ఆల్ఫరెట్టా)

ఒకటి మరిచాను. వ్యాపారం పని మీద రాష్ట్రం దాటితే, బండీ ట్రైలరూ కలిపి రేట్ చేసిన బరువు 10,001 పౌండ్లు, ఆపైన అయితే యూఎస్‌డాట్ (ఫెడరల్ రవాణా శాఖ) నంబరు కావాలి. ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన క్లాస్ సి ఒక్కటే 14,500. దాదాపు 6,000 పౌండ్ల ఎస్‌యూవీ, 2,990 ట్రైలర్ కలిపినా ఆ గీత కిందే ఉంటారు. 7 బై 14 డబుల్ యాక్సిల్ ట్రైలర్ 7,000 పౌండ్లది కొంటే దాటిపోతారు, అందుకే చిన్నది చెప్పాను.

ప్రశ్న అడిగినవారు

ట్రైలర్‌కే వెళ్తాం. మోంటానా ఎల్‌ఎల్‌సీ పెట్టి సేల్స్ టాక్స్ లేకుండా కొనమని డీలర్ అంటున్నాడు, అది?

జవాబు 7 (ఎడిసన్)

ఫ్రిస్కోలో ఉండి ఫ్రిస్కోలో పార్క్ చేసే ట్రైలర్‌కి మోంటానా ప్లేటు వద్దు. టెక్సస్‌లోనే రిజిస్టర్ చేయించండి. కట్టిన సేల్స్ టాక్స్ ట్రైలర్ ధరలోనే కలిసి తరుగుదలలోకి వెళ్తుంది, విడిగా పోయేదేం లేదు.