ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌కి రెండు బేరాలు వచ్చాయి, ఎవరికి ఇవ్వాలి?

తూర్పుగాలి:
నమస్తే అండీ. వైజాగ్ ఎంవీపీ కాలనీలో నాన్నగారు కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. 72 లక్షలు చెప్పాం, 66 దాకా దిగొచ్చని ఇంట్లో అనుకున్నాం. ఒకాయన 65కి అడిగారు, బ్యాంకు లోన్ మీద కొంటారట. ఇంకొకాయన 68 ఇస్తానంటున్నారు గానీ రిజిస్ట్రేషన్ 48కి, మిగతా 20 క్యాష్. పైగా రేపు సాయంత్రంలోగా మాట ఇవ్వకపోతే మధురవాడలో వేరేది చూసుకుంటారట. ఈయన ఇల్లు చూస్తున్నంతసేపూ బాల్కనీ గ్రిల్ తుప్పుని గోటితో గీకుతూ, సముద్రపు గాలికి ఇవన్నీ పోతాయమ్మా అంటూనే ఉన్నారు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత కిటికీలన్నీ మార్పించాం అని చెప్పినా వినిపించుకోలేదు. అమ్మకి టెన్షన్‌తో నిన్న రాత్రి నిద్ర లేదు. ఏం చేయమంటారు?

లెక్కలమనిషి:
క్యాష్ జోలికి అసలు వెళ్లొద్దు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీదే, అంటే మీ మీద. రేపు ఆ 20తో ఇంకో ఇల్లు కొనాలన్నా లెక్క చూపించలేరు. ధర 50 లక్షలకి చేరితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీ పేరున ముందే కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి, 48 అనడంలో మతలబు అది కూడా కావచ్చు. మొత్తం వైట్‌లో, అంటే పూర్తి ధర కాగితాల్లో చూపించి, ఎంతిస్తారో అడగండి, అసలు రేటు అప్పుడు బయటపడుతుంది.

సీతమ్మధార_వాసి:
లోన్ ఆయన విషయంలో కూడా జాగ్రత్త అండీ. ఇలాగే లోన్ మీద కొంటానన్న ఒకాయన దగ్గర మేం 50 వేలు టోకెన్ తీసుకుని, వచ్చిన మిగతావాళ్లందరికీ అయిపోయిందని చెప్పేశాం. రెండు నెలలయ్యాక సిబిల్ (అప్పులు తీర్చిన తీరుకిచ్చే స్కోరు) బాగోలేదు, లోన్ రాలేదన్నారు. ఈలోగా ఆషాఢం వచ్చేసింది, ఎవరిని అడిగినా శ్రావణంలో చూద్దామనేవాళ్లే. అందుకే ముందు బ్యాంకు లోన్ మంజూరు చేసిన శాంక్షన్ లెటర్ చూపించమనండి, అగ్రిమెంట్‌లో గడువు తేదీ, వెనక్కి తగ్గితే అడ్వాన్స్‌లో ఎంత పోతుందో స్పష్టంగా రాయించండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఇంటిపన్ను రసీదులు మీరు ఇప్పుడే ఒక ఫైల్‌లో పెట్టుకోండి, బ్యాంకు లాయరు అడిగాక వెతుక్కుంటే ఆలస్యం మీదవుతుంది.
తుప్పు సంగతికి వస్తే, పెయింటర్‌ని పిలిచి ఎస్టిమేట్ రాయించండి. తగ్గిస్తే అంతే తగ్గించండి, దాన్ని చూపించి లక్షలు కోయనివ్వద్దు.

తూర్పుగాలి:
అందరికీ థాంక్స్. మొత్తం వైట్‌లో అయితే 67 అని రెండో ఆయనకి చెప్పాను, మాట పూర్తవకుండానే ఫోన్ పెట్టేశారు. మొదటాయన శాంక్షన్ లెటర్ వాట్సాప్‌లో పంపారు, 66కి వచ్చారు, ఏసీలు రెండూ వదిలేయమన్నారు, సరేనన్నాం. ఆదివారం అగ్రిమెంట్. అడ్వాన్స్ రోజే ఒరిజినల్ దస్తావేజులు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

సీతమ్మధార_వాసి:
వద్దండీ. ఇప్పుడు జిరాక్స్ చాలు, బ్యాంకు లాయరు ఒరిజినల్స్ చూడాలంటే మీరే తీసుకెళ్లి చూపించి వెనక్కి తెచ్చుకోండి. అప్పగించేది రిజిస్ట్రేషన్ రోజున, డబ్బుకి బ్యాంకు డీడీ మీ చేతికి వచ్చాకే.