బ్లీడర్ (పరుగులో ఊపిరితిత్తుల్లో రక్తస్రావమయ్యే) గుర్రానికి ఏది మేలు: లాసిక్సా, అడ్డసరమా?

మూసీతీరం:
నలుగురం కలిసి కొన్న నాలుగేళ్ల గుర్రం మలక్‌పేటలో సాధన చేస్తోంది. ఈ మధ్య పందేల్లో చివరి రెండు వందల మీటర్లలో ఒక్కసారిగా నీరసిస్తోంది. ఉదయం గ్యాలప్ (వేగపు పరుగు) అయ్యాక స్కోపు (ముక్కులోంచి లోపలికి చూసే కెమెరా గొట్టం) వేయిస్తే శ్వాసనాళంలో రక్తపు చారలు కనిపించాయి. తీవ్రతను 0 నుంచి 4 దాకా లెక్కిస్తే 3వ దశ అన్నారు. ముక్కులోంచి మాత్రం ఒక్క చుక్క రాలేదు. గట్టి పరుగున్న రోజుల్లో ముందుగా లాసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) సూది వేద్దామని ట్రైనరు గారు అంటున్నారు. భాగస్వాముల్లో ఒకాయన అడ్డసరం ప్రధానంగా ఉన్న మూలికల పొడి తెచ్చి దాణాలో కలపమంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆదివారం_రేసు:
ముక్కులోంచి రక్తం రాకపోతే అది బ్లీడర్ ఎలా అవుతుంది? పందేల నుంచి ఆపే క్లబ్బు నియమం కూడా ముక్కునే చూస్తుంది కదా.

పశువైద్యుడు:
నియమం ముక్కును చూస్తుంది, జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటుంది. పందెం తరువాత గంట, గంటన్నర లోపల స్కోపు వేస్తే సగానికి పైగా గుర్రాల్లో ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. అదే గుర్రాన్ని నాలుగైదు పందేల్లో వరుసగా చూస్తే దాదాపు ఏదీ మినహాయింపు కాదు. ముక్కు దాకా వచ్చేది చాలా కొద్దింటికే.

పూర్తి వేగంలో ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఒత్తిడి 100 మిల్లీమీటర్ల పాదరసం దాకా పోతుంది. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర చాలా పలచన కాబట్టి ఆ ఒత్తిడికి చిట్లుతుంది. ఎక్కువగా ఊపిరితిత్తుల వెనుక పైభాగంలోనే ఇది జరుగుతుంది. లాసిక్స్ మూత్రం ద్వారా నీటిని బయటికి పంపి ఆ ఒత్తిడిని కొంత దించుతుంది. 2007లో దక్షిణాఫ్రికాలో 167 గుర్రాలను ఒకసారి లాసిక్స్ ఇచ్చి, ఒకసారి ఉత్త ఉప్పునీటి సూది ఇచ్చి పందెంలో పరుగెత్తించారు. రక్తస్రావమైన గుర్రాల్లో మూడింట రెండు వంతులకు మందుతో కనీసం ఒక దశ తగ్గింది. దీనికి సాటివచ్చే రుజువు మరే మందుకూ లేదు. అయితే మన దేశంలో రేసు రోజున దాన్ని ఇవ్వకూడదు. సాధనకు మాత్రమే.

మూలికావనం:
డాక్టరు గారు, ఆ సూది గుర్రం ఒంట్లోంచి పది పదిహేను కిలోల బరువును నీళ్లుగా లాగేస్తుంది. ఎండలో పరుగెత్తవలసిన జీవాన్ని ముందే ఎండబెట్టడం వైద్యమా? మా నాన్నగారికి గుండె జబ్బుకని ఇదే మందు నెలల తరబడి వాడారు. పొటాషియం పడిపోయి మనిషి మంచం పట్టాడు. ఆ ఆసుపత్రిలో ఎవరూ ముందుగా ఒక్క మాట చెప్పలేదు. అప్పటినుంచి ఈ మందు పేరు వింటేనే నాకు భయం.

రక్తపిత్తానికి, అంటే ఒంట్లోంచి రక్తం పడే జబ్బుకు, వాసా, అంటే మన అడ్డసరం, శ్రేష్ఠమని మన వైద్యం ఎన్నో తరాలుగా చెబుతోంది. కంచె పక్కన పెరిగే మొక్క. దగ్గుకు, కఫానికి, రక్తం పడినప్పుడు మా ఊళ్లో దాని ఆకు రసమే ఇచ్చేవారు. పొడి తెచ్చిన ఆ భాగస్వామి మాట వినండి.

కెంటకీ_తెలుగు:
నేను లెక్సింగ్టన్ దగ్గర గుర్రాల ఫారంలో పని చేస్తున్నాను. అమెరికాలో రేసుకు నాలుగు గంటల ముందు లాసిక్స్ ఇవ్వడం దశాబ్దాలుగా మామూలే. చివరికి న్యూయార్క్ కూడా 1995లో ఒప్పుకుంది. తరువాత గాలి మారింది. 2021 కెంటకీ డెర్బీని ఆ మందు లేకుండా నడిపారు. 2023లో జాతీయ నియమాలు అమలుకు వచ్చినప్పుడు రెండేళ్ల గుర్రాలకు, స్టేక్స్ (పెద్ద బహుమతి) పందేలకు నిషేధించి, మిగతా పందేలకు ఉంచారు. కొన్ని గుర్రాలకు ముక్కు మీద అంటించే పట్టీ కూడా వేస్తారు, కొంత ఉపయోగం కనబడింది. మరో మాట. ఈ రేసు గుర్రాల జాతికి మూలపురుషుడిలాంటి ఎక్లిప్స్ అనే గుర్రం ముత్తాత పేరే ‘బ్లీడింగ్ చైల్డర్స్’. రక్తం కారేదని అలా పిలిచారు.

పశువైద్యుడు:
మూలికావనం గారు, మీ నాన్నగారి విషయం బాధాకరం. కానీ రోజూ నెలల తరబడి వాడటం వేరు, అప్పుడప్పుడు ఒక సూది వేరు. ఇక మూలిక సంగతి. కాన్సాస్‌లో రక్తస్రావానికి వాడే రెండు చైనా మూలికా మందులను గుర్రాల మీద ట్రెడ్‌మిల్ పరుగులో పరీక్షించారు. రక్తస్రావం తగ్గలేదు. అడ్డసరంలో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దగ్గు మందుల్లో కలిపే బ్రోమ్‌హెక్సిన్‌ను దాని నమూనాతోనే తయారు చేశారు. శ్వాస వ్యవస్థ మీద, రక్తం మీద పనిచేసే ఏ పదార్థమైనా రేసు రోజున ఒంట్లో ఉండకూడదని గుర్రప్పందేల అంతర్జాతీయ ఒప్పందం 6వ అధికరణం చెబుతుంది. అది ఆకు నుంచి వచ్చిందా, సీసా నుంచి వచ్చిందా అని ప్రయోగశాల అడగదు. మూత్రంలో దొరికితే బహుమతి పోతుంది, ట్రైనరు మీద చర్య ఉంటుంది.

మూలికావనం:
చైనా పొడి పనిచేయకపోతే అడ్డసరం పనిచేయదని ఎలా తేల్చారు? రెండూ ఒకటి కాదు. ఈ ప్రశ్నకు ముందు జవాబు చెప్పండి.

పశువైద్యుడు:
పనిచేయదని నేను తేల్చలేదు. గుర్రం మీద పనిచేసిందని చూపినవారు లేరన్నాను.

మూలికావనం:
చూపాలంటే డబ్బు కావాలి. కంచె మొక్క మీద పరిశోధనకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? పేటెంటు దొరకని దాన్ని పరీక్షించరు, పరీక్షించలేదు కాబట్టి పనికిరాదంటారు. పైగా మీరే అది శ్వాస వ్యవస్థ మీద పనిచేస్తుందన్నారు, మీరే రుజువు లేదన్నారు.

పశువైద్యుడు:
కఫాన్ని పలచబరచడం వేరు, కేశనాళిక చిట్లకుండా ఆపడం వేరు. 100 మిల్లీమీటర్ల ఒత్తిడిని ఏ ఆకు రసం ఆపుతుంది?

పచ్చగడ్డి:
గుర్రపుశాలలో దుమ్ము తగ్గించండి, ఎండుగడ్డి తడిపి పెట్టండి, గాలి ఆడనివ్వండి. శ్వాసనాళాల్లో వాపు ఉన్న గుర్రానికి రక్తస్రావం ఎక్కువ. చలి రోజుల్లో మరీ జాగ్రత్త.

సైసుకొడుకు:
ఇంతసేపు చదివాను. ఒక్కరు కూడా అడగవలసిన ప్రశ్న అడగలేదు.

మా నాన్న సైసు, అంటే గుర్రాలను చూసుకునేవాడు. జీవితమంతా గుర్రపుశాలలోనే పని చేశాడు. ఆయన చూసుకునే ఒక ఆడ గుర్రం రేసు అయ్యాక ముక్కులోంచి రక్తం కార్చింది. పశువైద్యుడు వచ్చేలోపు తుడిచెయ్యమని యజమాని మనిషి గుడ్డ చేతికిచ్చాడు. క్లబ్బు పుస్తకంలోకి ఎక్కితే కొన్ని వారాలు పందేలు పోతాయి. నాన్న తుడవనన్నాడు. మరుసటి రోజు ఉద్యోగం లేదు. ఆ గుర్రం ఆ తరువాత కూడా పరుగెత్తింది. ఒకరోజు సాధనలో ముందుకాళ్ల మీద కూలి, లేవలేదు. ఆ రోజు నాన్న అన్నం తినలేదు.

మీ సూది, మీ పొడి, రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు: దీన్ని వచ్చే పందెంలో దింపడం ఎలా? ఇక పరుగెత్తించాలా వద్దా అని ఎవరూ అడగరు. ఆస్ట్రేలియాలో ముక్కు రెండు రంధ్రాల నుంచి రక్తం వస్తే మూడు నెలలు పందెం లేదు, రెండోసారి వస్తే జీవితాంతం లేదు. అలా చేసే ధైర్యం ఎవరికుంది?

మూలికావనం:
గుడ్డతో తుడిపించిన మనుషులతో నన్ను ఒక గాటన కట్టవద్దు బాబూ. గుర్రం బాగుండాలనే కదా నేను మూలిక చెబుతున్నది.

సైసుకొడుకు:
బాగుండాలంటే రెండు నెలలు మేపండి. దాణాలో పొడి కలిపి మర్నాడే గ్యాలప్‌కు పంపడం బాగుచేయడం కాదు.

పశువైద్యుడు:
మీ కోపం న్యాయమైనదే. తుడిపించినవారికి శిక్ష పడాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ రక్తం కనబడిన ప్రతి గుర్రాన్నీ ఆపితే రేసులే ఉండవు. మెల్‌బోర్న్‌లో 744 గుర్రాలను రేసు తరువాత చూశారు. సగానికి పైగా వాటిలో రక్తం ఉంది. రక్తం లేనివీ, 1వ దశవీ కలిపి చూస్తే, 2వ దశ, ఆపై వాటికంటే అవి గెలిచే అవకాశం నాలుగు రెట్లు ఉంది. అంటే తేలికపాటిది పెద్దగా బాధించదు, ముదిరితే పరుగు తగ్గుతుంది. విశ్రాంతి ఇస్తే పాత గాయం మానుతుంది. కానీ మళ్లీ పరుగెత్తించిన రోజున ఒత్తిడి అదే. చిన్న సిరల గోడలు మందపడి, మచ్చలు కట్టిన చోట ఊపిరితిత్తులు మునుపటిలా కావు. అందుకే నేను లాసిక్స్ అంటున్నాను. ప్రతి గట్టి పరుగులో జరిగే నష్టం కొంతైనా తగ్గాలని.

సైసుకొడుకు:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. పరుగే ఆ నష్టం చేస్తుందని మీరే ఒప్పుకున్నారు. దాన్ని ‘కొంత తగ్గిస్తూ’ కొనసాగిద్దామంటున్నారు. 3వ దశ గుర్రాన్ని పందేల నుంచి తప్పించాలని నేను అంటున్నాను. మన మధ్య తేడా ఇది. మందు గురించి కాదు.

పశువైద్యుడు:
అవును, తేడా అక్కడే. ఒక్క స్కోపుతో తప్పించడానికి నేను ఒప్పుకోను. విశ్రాంతి తరువాత కూడా 3, 4 దశలే వస్తే అప్పుడు మీ వైపే ఉంటాను.

కెంటకీ_తెలుగు:
తప్పించిన గుర్రం ఎక్కడికి పోతుంది? ఇక్కడైతే స్వారీకి తీసుకునేవారు కొందరున్నారు. అక్కడ ఎవరు మేపుతారు?

సైసుకొడుకు:
బహుమతి డబ్బు పంచుకున్నవారే మేపాలి.

మూసీతీరం:
అందరివీ చదివాను. పొడిని గుర్రం దగ్గరికి రానివ్వను. అందులో ఏమేమి కలిపారో డబ్బా మీద పూర్తిగా రాసిలేదు. సూది కూడా ఇప్పుడు వద్దన్నాను. రెండు నెలలు గ్యాలప్ ఆపి, గడ్డి తడిపి పెట్టి, నెమ్మదిగా పని మొదలుపెట్టాక మళ్లీ స్కోపు వేయిస్తామని ట్రైనరు గారికి చెప్పాను. ఆయన వచ్చే నెల పందెం పేరు చెప్పి కోప్పడ్డారు. మేత, గుర్రపుశాల అద్దె, సైసు జీతంలో నా వాటా ఆ రెండు నెలలూ నేను కడతాను. మిగతా ముగ్గురిలో ఒకాయన సరేనన్నారు, ఒకాయన గుర్రాన్ని అమ్మేద్దామన్నారు, పొడి తెచ్చినాయన ఫోను ఎత్తడం లేదు.

సైసుకొడుకు:
అమ్మితే కొనేవారికి ఆ స్కోపు ఫలితం చూపిస్తారా?

మూసీతీరం:
నా సంతకం లేకుండా అమ్మలేరు. ఆ కాగితం జతచేయకుండా నేను సంతకం పెట్టను.