కింగ్‌లో సులువుగా గెలుస్తున్నాను, ఎంపరర్‌కి వెళ్లాలా? (సివిలైజేషన్ 6)

పాకాల_వాన
సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆటలో రోమ్ తీసుకుని కింగ్ లెవల్లో ఆడుతున్నాను (ప్రిన్స్, కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డీటీ, ఈ వరుసలో కష్టం పెరుగుతుంది), గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు ప్యాక్ కూడా ఉంది. ఈమధ్య ప్రతి ఆటా గెలుస్తున్నాను, ఇబ్బంది అక్కడే వస్తోంది. మధ్యయుగం దాటేసరికే గెలుపు ఖాయమని తెలిసిపోతుంది. ఆ తర్వాత గంటల తరబడి నెక్స్ట్ టర్న్ నొక్కుకుంటూ కూర్చోవడమే.

అందుకని ఎంపరర్ మొదలుపెట్టాను. పక్కనే అజ్టెక్‌ల నాయకుడు మాంటెజూమా. నేను రెండో ఊరు కట్టీ కట్టగానే యుద్ధానికి వచ్చాడు. వాడి ఈగిల్ వారియర్ నా వారియర్ని మూడు దెబ్బల్లో పడగొట్టి, వాణ్ణే తన బిల్డర్‌గా మార్చుకున్నాడు. ఆ బిల్డర్ చేత నా సరిహద్దు పక్కనే పొలం వేయించాడు. అది చూసి ఆట మూసేశాను.

పైకి వెళ్తే నిజంగా ఆట బాగుంటుందా? లేక కింగ్‌లోనే ఉండి మ్యాపులు, నాయకులు మార్చుకుంటూ ఆడటం మేలా? రెండూ చేసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_బాబాయ్
వెళ్లండి. మొదటి 100 టర్నులు తట్టుకుంటే ఆ తర్వాత అదీ కింగ్ లాగే ఉంటుంది.

కోటగుమ్మం
వెళ్లాలి. మీకు విసుగొస్తోందంటే కింగ్ మిమ్మల్ని ఏమీ అడగడం లేదన్నమాట.

ఎంపరర్‌లో ఏం మారుతుందో చెప్తాను. ఏఐకి, అంటే కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థులకి, ఉత్పత్తి, బంగారం 40 శాతం ఎక్కువ. సైన్స్, కల్చర్, ఫెయిత్ 16 శాతం ఎక్కువ. పోరాటంలో +2. మొదట్లోనే ఇద్దరు సెట్లర్లు (కొత్త ఊరు కట్టేవాళ్లు). అదే డీటీలో 80 శాతం, 32 శాతం, +4, ముగ్గురు సెట్లర్లు. వినడానికి భయంగా ఉంటుంది గానీ ఎన్ని ఇచ్చినా ఏఐకి సైన్యం నడపడం చేతకాదు.

మీ వారియర్ సంగతికే వద్దాం. వారియర్ బలం 20, ఈగిల్ వారియర్ బలం 28, +2 కలిపితే 30. మైదానంలో నిలబెడితే వారియర్‌కి ఉన్న 100 ప్రాణంలో దెబ్బకి సగటున 45 పోతుంది, మూడు దెబ్బల్లో పడిపోతాడు. అదే వారియర్‌ని కొండ మీద పెడితే +3. రెండు టర్నులు కదలకుండా ఫోర్టిఫై చేస్తే +6. మొత్తం 29. వాడు 30, మీరు 29. ఇది నిలబడగలిగే పోరాటం. వెనక ఒక స్లింగర్‌ని (వడిసెలతో రాళ్లు విసిరేవాణ్ణి) ఉంచండి. ఆ స్లింగర్ చేత ఒకణ్ణి చంపిస్తే ఆర్చరీకి యురేకా వస్తుంది, అంటే ఆ టెక్నాలజీలో 40 శాతం ఉచితం. కింగ్‌లో ఇవేవీ పట్టించుకోకుండానే గెలవచ్చు. ఎంపరర్‌లో నేర్చుకోక తప్పదు. ఆట అక్కడే మొదలవుతుంది.

నిదానం
దీన్ని నేర్చుకోవడం అనరండీ, తొండి అంటారు. లెవల్ పెంచినంత మాత్రాన ఏఐకి తెలివి పెరగదు. ప్రిన్స్‌లో ఎలా ఆలోచిస్తుందో డీటీలోనూ అలాగే ఆలోచిస్తుంది, జేబులో డబ్బు మాత్రం పెరుగుతుంది. చదరంగంలో ఎదుటివాడికి రెండో మంత్రిని ఇచ్చి కూర్చోబెట్టి, ఇప్పుడు గెలిస్తేనే నీకు ఆట వచ్చినట్టు అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఇద్దరికీ ఒకే నియమాలు ఉన్న లెవల్ ప్రిన్స్ ఒక్కటే. నేను అందులోనే ఆడతాను. పాకాల_వాన గారూ, మీకు విసుగొచ్చింది లెవల్ వల్ల కాదు, ప్రతిసారీ రోమ్‌తో ఒకే దారిలో వెళ్తున్నందువల్ల. ద్వీపాల మ్యాప్ పెట్టి, ఇంతవరకు ముట్టని నాయకుణ్ణి తీసుకోండి.

కోటగుమ్మం
చదరంగం మాట మీరే తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. బాగా ఆడేవాడు కొత్తవాడితో కూర్చుంటే తన గుర్రాన్ని పక్కన పెట్టి ఆడటం ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్ని ఎవరూ తొండి అనలేదు. ఇక్కడ బాగా ఆడేది మనమే, ఏఐ కొత్తవాడు. అంతే తేడా.

ఇంకోటి. ఆ +2 వల్లే వారియర్ పోయాడని మీరు అనుకుంటున్నట్టున్నారు. +2 లేకపోయినా 28కి 20, దెబ్బకి సగటున 41. అప్పుడూ మూడు దెబ్బలే. ఆయన వారియర్ కింగ్‌లోనూ చచ్చేవాడే.

నిదానం
+2 వల్ల చచ్చాడని నేనెక్కడ అన్నాను? నా పోస్టులో +2 అన్న మాటే లేదు. నేను మాట్లాడేది రెండో సెట్లర్ గురించి. మొదటి టర్నులో మనకి ఒక ఊరు ఉంటే వాడు రెండు కట్టుకుంటాడు. రెండు ఊళ్ల ఉత్పత్తికి 40 శాతం కలుపుకుని ఎంత సైన్యం దింపగలడో మీరే లెక్కేయండి. అందుకే అంత తొందరగా మీదికొచ్చాడు. దీనికి జవాబు చెప్పండి.

వైజాగ్_అల
కింగ్‌లో కూడా ఏఐకి పోరాటంలో +1 ఉంటుంది, దాన్ని వదిలేసి లెక్క కడుతున్నారు.

తూనీగ
ఒక చిన్న మాట. మీరిద్దరూ +2 గురించీ సెట్లర్ గురించీ అంటున్నారు గానీ పక్కన ఉన్నది మాంటెజూమా. తన నేలలో ఎన్ని రకాల లగ్జరీలు (పట్టు లాంటి విలువైన సరుకులు) ఉంటే, దాడి చేసేటప్పుడు అతని సైన్యానికి అన్ని +1లు. మూడు ఉంటే +3, ఎంపరర్ ఇచ్చే +2 కంటే అదే ఎక్కువ. పైగా తన దగ్గర లేని లగ్జరీ మన దగ్గర ఉంటే అతనికి కోపం. పాకాల_వాన గారూ, మీ రెండో ఊరు దేని పక్కన కట్టారు? కొత్త లగ్జరీ పక్కనే అయితే అతనికి చిరాకు తెప్పించినట్టే. యుద్ధానికి కారణం అదొక్కటే అనను, కానీ అతని బొమ్మ మీద నొక్కి సంబంధాల లెక్క చూస్తే కనిపిస్తుంది.

పాకాల_వాన
పట్టు పక్కన కట్టానండీ. అతని దగ్గర పట్టు ఉందో లేదో చూడలేదు.

కోటగుమ్మం
లగ్జరీల సంగతి తర్వాత. రెండో సెట్లర్‌కి జవాబు అడిగారు, ఇదిగో. ఏఐ కట్టిన రెండో ఊరు మీ కోసం కట్టిన ఊరే. గోడలు రాకముందు నలుగురు ఆర్చర్లు, ఇద్దరు వారియర్లతో వెళ్తే చేతికొస్తుంది. గోడలు వచ్చాక అయితే వాటిని పగలగొట్టే బ్యాటరింగ్ ర్యామ్ పట్టుకెళ్లండి. ఏఐకి బంగారం ఎక్కువ ఉంటుందన్నారు కదా, మీ దగ్గర మిగిలిన లగ్జరీని వాడికే అమ్మండి. కింగ్‌లో కంటే ఎక్కువ ఇస్తాడు. వాడికొచ్చిన అదనమంతా మీ చేతిలోకి తెచ్చుకోవచ్చు. ఇది ప్రిన్స్‌లో కూర్చుంటే తెలియదు. ప్రిన్స్‌లో ఆడేవాళ్లు ఏఐని తిట్టుకుంటూ అక్కడే ఉండిపోతారు, పైగా పైకి వెళ్లాలనుకునేవాళ్లనీ ఆపుతారు.

నిదానం
వచ్చింది చూశారా ఆ మాట. ప్రిన్స్‌లో ఆడేవాళ్లు. దీని కోసమే ఎదురు చూస్తున్నాను.

కిందటి నెల ఇక్కడే ఊళ్లు ఎక్కడ కట్టాలి, డిస్ట్రిక్టులు (ఊరి చుట్టూ ఒక్కో పనికి కట్టే పేటలు) ఏ వరుసలో పెట్టాలి అని పెద్ద పోస్టు రాశాను. రెండు రాత్రులు కూర్చుని, మ్యాప్ మీద గుర్తులు పెట్టి మరీ రాశాను. కింద వచ్చిన మొదటి ప్రశ్న, ఏ లెవల్ అని. ప్రిన్స్ అన్నాను. ఆ తర్వాత ఒక్కరూ చదవలేదు. ఆ ప్రశ్న అడిగింది మీరే కోటగుమ్మం గారూ.

మా ఆఫీసులో శనివారాలు అందరూ కలిసి ఆడే గుంపు ఒకటి ఉంది. నేనూ వస్తానంటే, ముందు ఇమ్మోర్టల్ గెలిచి రా అన్నారు. మనుషులతో ఆడే ఆటకి ఏఐ మీద ఇమ్మోర్టల్ గెలవడం దేనికి? అందరి ముందూ అన్నారు, ఇంకెప్పుడూ అడగలేదు నేను. నాది డ్యూటీ షిఫ్టుల్లో పడుతుంది. ఇంటికొచ్చాక ఉన్న కాసేపట్లో ఒక నది ఒడ్డున ఊరు పెరగడం చూడాలని ఉంటుంది గానీ, ఆర్చర్లని లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడాలని ఉండదు. అందుకని నాకు ఆట రాదనా?

గోదారి_గట్టు
అన్నా, చల్లబడండి ఇద్దరూ.

కోటగుమ్మం
ఆఫీసులో ఎవరో అన్నదానికి నన్ను అంటే ఎలా? ఏ లెవల్ అని అడిగాను, నిజమే. మళ్లీ అడుగుతాను కూడా. అది మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు. ఆ పోస్టులో మీరు మొదటి ఊళ్లో స్టోన్‌హెంజ్ (ఆటలో ఒక్కరే కట్టగలిగే వింత కట్టడం) కట్టమన్నారు. ప్రిన్స్‌లో అది దొరుకుతుంది. ఎంపరర్‌లో మీ కంటే ముందే ఎవరో కట్టేస్తారు, ఆ టర్నులన్నీ వృథా, అక్కడ పెట్టాల్సిన సెట్లర్ పోతాడు. కొత్తవాళ్లు మీ పోస్టు చదివి పైకి వెళ్లి ఓడిపోయి, ఏఐ తొండి చేస్తోందంటూ నా దగ్గరికి వస్తారు. వాళ్లకి మొదటి నుంచీ చెప్పుకొచ్చేది నేను. నేను రాసినవి మాత్రం ఊరికే వచ్చాయా? ఏ మాట ఏ లెవల్లో నిలుస్తుందో పైన రాస్తే చాలు, అదొక్కటే నేను అడుగుతున్నది.

తూనీగ
అయితే మీ ఇద్దరి గొడవ ఎంపరర్ గురించి కానే కాదు. ఏఐకి అదనం ఇస్తారని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు, దానికి తెలివి లేదనీ ఒప్పుకుంటున్నారు. ఇక్కడ ఎవరి మాటకి విలువ ఇవ్వాలో లెవల్ చూసి నిర్ణయించాలా వద్దా అన్న దగ్గరే తేడా వస్తోంది. నా మాట అడిగితే, ఆ అలవాటు ఇక్కడ ఉంది. నేను డీటీ గెలిచానని ఒకసారి రాశాను, ఆ రోజు నుంచి నేను ఏం రాసినా తలూపుతున్నారు. అంతకు ముందు రాసినవీ ఇంచుమించు అవే.

కానీ స్టోన్‌హెంజ్ విషయంలో కోటగుమ్మం గారిదే సరైన మాట. అది పైన పనికిరాని సలహా.

నిదానం
స్టోన్‌హెంజ్ ఆ పోస్టులో ఒక్క వాక్యం. మిగిలిందంతా డిస్ట్రిక్టుల గురించి. అది ఏ లెవల్లోనైనా మారదు. పర్వతాల పక్కన క్యాంపస్ (సైన్స్ డిస్ట్రిక్టు) పెడితే ఒక్కో పర్వతానికి +1, ప్రిన్స్‌లోనూ అంతే, డీటీలోనూ అంతే. పాకాల_వాన గారు రోమ్ ఆడుతున్నారు కాబట్టి చెప్తాను, రోమ్‌కి అక్విడక్ట్ (ఊరికి నీళ్లు తెచ్చే కాలువ) బదులు బాత్ ఉంటుంది, సగం ఖర్చుకే వస్తుంది. బాత్ ఊరి మధ్యని ఆనుకునే ఉండాలి. దానికి ఇవతల పక్క ఇండస్ట్రియల్ జోన్‌కి చోటు ఉంచుకోండి. గ్యాదరింగ్ స్టార్మ్‌లో బాత్ పక్కన ఉంటే ఆ జోన్‌కి +2 ఉత్పత్తి. రెండు ఊళ్లని దగ్గరగా కట్టి రెండు బాత్‌లూ ఒకే జోన్‌కి తగిలేలా పెడితే +4. ఇది మొదటి టర్నులోనే మ్యాప్ మీద పిన్ను గుచ్చి పెట్టుకోవాలి, తర్వాత చోటు దొరకదు. ఇందులో లెవల్ ఎక్కడుంది చెప్పండి.

కోటగుమ్మం
లెక్క తప్పు లేదు. కానీ ఎంపరర్‌లో రెండో ఊరికి అనుకున్న చోటు మీ కోసం ఆగదు. మాంటెజూమా సెట్లర్ ముందే వచ్చి అక్కడ కూర్చుంటాడు. లెవల్ అక్కడుంది.

నిదానం
అంటే మళ్లీ రెండో సెట్లర్ దగ్గరికే వచ్చారు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా.

కోటగుమ్మం
ఆ సెట్లర్ ఉన్నందుకే ముందు ఏ చోటు పట్టుకోవాలో ఎంచుకోవడం వస్తుంది అంటున్నాను. మీరేమో ఆ సెట్లర్ ఉండకూడదు అంటున్నారు.

నిదానం
ఉండకూడదు. అవును. ఉంటే ఇద్దరికీ ఉండాలి.

వైజాగ్_అల
ఆట నియమాలు మార్చే మాడ్‌లు ఉన్నాయి కదా, ఆ సెట్లర్ని తీసేసి మిగతా శాతాలు ఉంచుకోవచ్చు.

పాకాల_వాన
అందరికీ థాంక్స్. పాత సేవ్ తెరిచి చూశాను. తూనీగ గారూ, మాంటెజూమా దగ్గర పట్టు లేదు, నా దగ్గర మాత్రమే ఉంది. అతని బొమ్మ కింద అదే రాసి ఉంది. మొదటి టర్ను నుంచి అదే మ్యాప్‌లో ఎంపరర్‌లోనే మళ్లీ మొదలుపెడుతున్నాను. పట్టు దగ్గరికి ఇప్పుడే వెళ్లను. నదికి ఇవతల కొండల పక్కన రెండో ఊరు కడతాను. నిదానం గారూ, రెండు బాత్‌లు ఒకే జోన్‌కి తగలాలంటే ఊళ్ల మధ్య ఎన్ని గడులు వదలాలి? ఆ పాత పోస్టు లింక్ ఉంటే ఇక్కడ పెట్టండి.