కిరాయిదారు మీద కోర్టుకెళ్తే చివరికి మిగిలేదెంత?

నిజాంపేట్ ఓనర్
నిజాంపేటలో నాకో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ ఉంది. కిరాయి 18,000. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది. ఖాళీ చేయమంటే చేయడు. ఎనిమిది నెలలుగా నా ఖాతాలో రూపాయి కిరాయి లేదు. సొసైటీ మెయింటెనెన్స్ కూడా నా నెత్తినే. నోటీసు ఇచ్చాను, కదల్లేదు. వకీలు కేసుకు 60 వేలు అంటున్నాడు, డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చాక అమలుకు మళ్ళీ వేరేనట. మా బావమరిదేమో ఆ డబ్బేదో కిరాయిదారు చేతిలోనే పెట్టి పంపించెయ్ అంటున్నాడు. నా ఇంట్లోంచి పోవడానికి నేనే ఎదురు డబ్బివ్వాలా? కోర్టుకెళ్ళినవాళ్ళు ఎంతయిందో చెప్పండి.

డల్లాస్ రావు
మాది ఇక్కణ్ణుంచి నడిపిన కేసు, ఖర్చు ఇంకా ఎక్కువ. తమ్ముడి పేర జీపీఏ (నా తరఫున వ్యవహారం నడిపే అధికారపత్రం) రాసి, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి, ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాం. తీరా సాక్ష్యం దగ్గరికొచ్చేసరికి "కిరాయి మాట్లాడుకున్నది ఈయన కాదు, ఓనరే వచ్చి చెప్పాలి" అని అవతలి లాయరు పట్టుబట్టాడు. విమానం టికెట్ ఏ పద్దులో రాయమంటారు? డబ్బిచ్చి పంపెయ్యండి.

చింతల్ శ్రీను
ముందు కోర్టు ఫీజు చూసుకో అన్నా. ఇంటి విలువ మీద కట్టాలి. ఫ్లాట్ 70 లక్షలంటే అక్కడే సగం చస్తావు.

పాత గుమాస్తా
శ్రీను గారూ, కాదు. ఓనరు కిరాయిదారు మీద వేసే దావాలో ఫీజు ఏడాది కిరాయి మీద లెక్క. ఈయన కేసులో 2,16,000 మీద. బకాయి కూడా అడిగితే దానికి విడిగా కట్టాలి. ఫీజుకు భయపడి ఆగిపోవాల్సినంత ఏమీ ఉండదు.

అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. కోర్టులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా. డిక్రీ వచ్చిందని స్వీట్లు పంచి వెళ్ళినవాళ్ళే మళ్ళీ ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేయడానికి వచ్చేవారు. ఉత్తర్వు అమలు చేయడానికి వచ్చే కోర్టు ఉద్యోగి బేలిఫ్‌కు బత్తా, తాళం వేసి ఉంటే పగలగొట్టడానికి ఒక పిటిషన్, పోలీసు సాయానికి ఇంకో పిటిషన్, సామాన్లు దించడానికి హమాలీలు. ఈపీ ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారణం రాసి పొడిగించే వీలు కూడా అందులోనే ఉంది. "ఖర్చులతో సహా డిక్రీ" అన్నా లాయరు ఫీజు రూల్స్ ప్రకారమే వేస్తారు, మీరిచ్చే 60 వేలు రావు.

చింతల్ శ్రీను
మా బాబాయి ఇంటి విలువ మీదే కట్టాడు. రసీదు కళ్ళారా చూశా. నాకు పుస్తకాలు చెప్పకండి సార్.

పాత గుమాస్తా
మీ బాబాయి గారింట్లో ఉన్నదెవరు? ఎంత కిరాయి ఇచ్చేవారు?

చింతల్ శ్రీను
కిరాయేంటి, పిన్ని తరఫు చుట్టం. ఊరికే ఉండమన్నారు. ఎవరైతే ఏంటి, ఇల్లు ఇల్లే కదా?

పాత గుమాస్తా
కిరాయే లేనప్పుడు ఏడాది కిరాయి ఎక్కడిది? అది ఇల్లు నాదేనన్న హక్కు మీద వేసిన దావా అయ్యుంటుంది. అందుకే విలువ లెక్క.

అద్దె కొంప
ఓనర్ల ఖర్చు మీద ఇంత చర్చా! మాది పోయిన సంక్రాంతికి ఖాళీ చేయించారు. అడ్వాన్స్ 36 వేలు పెయింటింగ్ కింద, గీజర్ కింద కోసేసి చివరికి 4 వేలు చేతిలో పెట్టారు. ఆ 32 వేల కోసం నేనే లాయరు దగ్గరికి పోవాలి? ఆయన ఫీజే అంతకంటే ఎక్కువ. కొత్త ఇంటికి బ్రోకర్‌కు నెల కిరాయి, సామాను లారీకి ఇంకో లెక్క. కోర్టు ఖర్చు మీకొక్కరికే అనుకుంటున్నారు.

నిజాంపేట్ ఓనర్
మీ అడ్వాన్స్ నేను తినలేదు కదా? నా ప్రశ్నకు జవాబుంటే చెప్పండి, లేకపోతే వేరే టాపిక్ పెట్టుకోండి. ఇలా కూర్చుంటే పన్నెండేళ్ళకు ఇల్లే వాళ్ళదైపోతుందట. ఆ భయం మీకేం తెలుసు?

పాత గుమాస్తా
అది ఉత్త పుకారు. కిరాయికి దిగినవాడు కిరాయిదారుగా ఉన్నంతకాలం ఓనరు హక్కును కాదనలేడు. పన్నెండేళ్ళైనా ముప్పై ఏళ్ళైనా అంతే.

పనికొచ్చేది ఒకటి చెబుతాను. మన దగ్గర సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 15-ఏ అని ఉంది. కేసు నడుస్తున్నంత కాలం అతను కిరాయి కోర్టులో జమ చేయాలి. చేయకపోతే అతని డిఫెన్స్, అంటే అతని వాదన, కొట్టేయమని మీ వకీలు అడగొచ్చు. ఎనిమిది నెలలు ఎగ్గొట్టినవాడికి అదే గట్టి మందు.

అద్దె కొంప
ఒక్క నిమిషం. ఆయన అతను ఎగ్గొట్టాడని ఎక్కడా రాయలేదు, ఖాతాలో లేదనే రాశారు. ఓనర్ గారూ, అతను ఇవ్వలేదా, ఇస్తే మీరు తీసుకోలేదా?

నిజాంపేట్ ఓనర్
పంపాడు. తిప్పి పంపా. ప్రతి నెలా ఒకటో తారీకున 18 వేలు కొట్టి స్క్రీన్‌షాట్ పెడతాడు, పెద్ద హరిశ్చంద్రుడిలా. పక్క ఫ్లాట్ 26 వేలకు పోతోంది. ఇప్పుడు 18 తీసుకుంటే నోటీసు చెల్లకుండా పోతుందని వకీలే వద్దన్నాడు. ఈఎంఐ నేను కడుతున్నా, రేటు కిరాయిదారు చెబుతాడా?

అద్దె కొంప
అదీ సంగతి! ఒకటో తారీకున కిరాయి పంపేవాడిని బకాయిదారుగా చూపిస్తున్నారు.

చింతల్ శ్రీను
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది.

పాత గుమాస్తా
మీరు తిప్పి పంపిన 1,44,000 ఉంది చూశారా, మీ మొత్తం వ్యవహారంలో ఇప్పటిదాకా అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. వకీలు భయానికి అర్థం ఉంది. నోటీసు గడువు తర్వాతి కిరాయి మామూలుగా తీసుకుంటే నోటీసు వదులుకున్నట్టే అని అవతలివాళ్ళు వాదిస్తారు. "ఇది కిరాయి కాదు, ఉంటున్నందుకు పరిహారం, నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నా" అని రాసి తీసుకోవాల్సింది. ఇకమీదటైనా అలా చేయండి.

దావా మాత్రం నిలబడుతుంది. నెల నెలా కిరాయి ఇచ్చే పద్ధతిలో ఉన్నప్పుడు ఆస్తి బదిలీ చట్టం 106 కింద 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పనక్కర్లేదు.

అద్దె కొంప
కారణం లేకుండానా? పిల్లలు స్కూల్లో చదువుతుంటే, కిరాయి టైముకిస్తుంటే, 15 రోజుల్లో పొమ్మనొచ్చా? మరి రెంట్ కంట్రోల్ చట్టం ఎందుకుంది?

పాత గుమాస్తా
ఆ 1960 రెంట్ కంట్రోల్ చట్టంలో కారణం చూపించాలి. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, వేరేవాళ్ళకు కిరాయికివ్వడం, ఓనరుకే ఇల్లు అవసరం కావడం, అలాంటివి. 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతాచోట్ల 2,000 దాటిన ఇళ్ళకు ఆ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో 3,500కు ఇప్పుడు ఒక గదైనా వస్తుందా?

అద్దె కొంప
అంటే మా చట్టం కాగితం మీదే ఉందన్నమాట. మాకున్నదల్లా మీ కోర్టు ఆలస్యమే. దాన్ని కూడా ఖర్చు అని ఏడుస్తున్నారు.

డల్లాస్ రావు
ప్రతిదానికీ కారణం చూపించమంటే ఎవడూ కిరాయికివ్వడు. తాళం వేసి పెట్టుకుంటారు. అప్పుడు మీ కిరాయిలే పెరుగుతాయి.

నిజాంపేట్ ఓనర్
కరెంటు మీటర్ నా పేరు మీదే ఉంది. ఫ్యూజు పీకితే రెండు రోజుల్లో అతనే పోతాడు. ఖర్చు సున్నా.

పాత గుమాస్తా
అతను ఇంజంక్షన్ (అలా చేయొద్దనే కోర్టు ఉత్తర్వు) తెస్తాడు. సామాను బయట పడేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6 కింద దావా వేసి మళ్ళీ లోపలికి వస్తాడు. ఆ కేసులో ఇల్లెవరిదని కూడా చూడరు. అప్పుడు వకీలుకు మీరు రెండు ఫీజులు కట్టాలి.

దావా వేయండి, మొదట్లోనే లోక్ అదాలత్‌కు పంపమనండి. పిల్లల పరీక్షలయ్యేదాకా గడువు, ఈలోగా 21 వేలో 22 వేలో కిరాయి, అడ్వాన్స్ పూర్తిగా వాపస్ అని రాసుకోండి. కోర్టు ఫీజు వాపసొస్తుంది, అప్పీలు ఉండదు. మాట తప్పితే లోక్ అదాలత్ ఇచ్చిన ఆ అవార్డుతోనే (రాజీ తీర్పుతోనే) నేరుగా ఈపీ వేయొచ్చు.

నిజాంపేట్ ఓనర్
26కు తగ్గేది లేదు.

అద్దె కొంప
అయితే ఆ 60 వేలు రెడీ పెట్టుకోండి.

బోడుప్పల్ శైలజ
గుమాస్తా గారూ, నాది షాపు. నెలకు 12 వేలు, నోటి మాటే, అగ్రిమెంటు లేదు. నాకూ 15 రోజుల నోటీసేనా?

పాత గుమాస్తా
నెలవారీ కిరాయైతే అంతేనమ్మా. కిరాయి ఇచ్చినట్టు ఏదైనా రుజువుందా? యూపీఐలో ఇచ్చారా, చేతికిచ్చారా?